పెళ్లిగుర్రం దిగిన పెళ్లికొడుకు

గని ఉద్యోగాలకని బచేలి చేరిన తెలుగువాళ్లం, హిందీవాళ్లను చూసి పెళ్లికొడుకుని గుర్రమెక్కించడం నేర్చుకున్నాం. నా పెళ్లికి ఎక్కింది పెళ్లికూతురు సుజాత పెంచిన గుర్రాన్నే. రోజూ నిమిరి, బెల్లం పెట్టి, ముందు వీపున గోనెసంచి వేసి, కర్ర ముట్టకుండా మచ్చిక చేసిందట.

మండపం ముందు బ్యాండు మోగగానే నాకు చక్రవర్తి పూనాడు. రెండు మడమలతో డొక్కలో ఒక్కటి తన్నాను. గుర్రం కదల్లేదు, నిలబడి వణికింది.

మండపంలోంచి సుజాత పట్టుచీరతో వచ్చి దాని మెడ నిమిరింది. "దిగండి" అంది నాతో.

ఊరి పక్కనున్న బైలాడిలా కొండ కూడా మెడ చాచి చూస్తుండగా దిగాను.

తాళి కట్టేటప్పుడు నా చేతులు వణికాయి.

"భయపడకండి, మా ఇంట్లో ఎవరూ తన్నరు" అంది మెల్లగా.

తలెత్తకుండానే మూడు ముళ్లూ వేశాను. ఇప్పటికీ గుర్రం కనిపిస్తే, పక్కనున్న మా ఆవిడ ముఖం చూడలేను.