మొదటి పాలు నాకు పోసిన ఇల్లు

సహోదరీ సహోదరులారా, ప్రభువు నామంలో మీకు నా వందనాలు. సాక్ష్యం చెప్పమని మన కాపరిగారు అడిగినప్పుడల్లా ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకుంటూ వచ్చాను. దేవుడు నాకేమీ చేయలేదని కాదు, ఆయన చేసింది చెప్పాలంటే నేను చేసింది కూడా చెప్పవలసి వస్తుందని. అయినా ఇన్నేళ్ల తర్వాత ఇక దాచుకుని ఏం లాభం, వినండి.

యుద్ధం బర్మాకు పాకిన ఆ చలికాలంలో నేను హైదరాబాదు హుస్సేనీ ఆలంలో ఒక పాలవాళ్ల ఇంటి మేడగదిలో జ్వరంతో పడి ఉన్నాను. బర్మాలోని మౌల్మేన్‌లో మా అమ్మా నాన్నా బ్రతికి ఉన్నారో లేదో తెలియదు, ఊరి మీద బాంబులు పడ్డాయని మాత్రం పత్రికల్లో వచ్చింది, ఉత్తరాలు ఆగిపోయాయి. లేచి కూర్చుంటే కళ్లు తిరిగేవి, పడుకుంటే మనసు తిరిగేది. అన్నిటికన్నా ఘోరమేమిటంటే నాకు ప్రార్థన రాలేదు. నోరు తెరిస్తే మా అమ్మ పేరు దగ్గరే ఆగిపోయేవాణ్ణి. జ్వరం ముదరకముందు ఒక రోజు గోడ వైపు తిరిగి ఇలా అన్నాను: "దేవా, నీ కోసం నేను ఇంత గట్టిగా నిలబడ్డాను గదా, నా తల్లిదండ్రుల మీద నిప్పు కురిపిస్తావా? ఇక నీతో నాకు మాటల్లేవు." ఆ మాట అన్నది నేనే. దాన్ని ఈ రోజు మీ ముందు ఒప్పుకుంటున్నాను.

ఆ 'గట్టిగా నిలబడడం' ఏమిటో చెప్పాలి. మా నాన్న పాలమూరు మనిషి, కరువులో రంగం, అంటే రంగూను, వెళ్లిన వాళ్లతో కలిసి ఓడ ఎక్కి, మౌల్మేన్‌లో రంపపు మిల్లులో మేస్త్రీ అయ్యి, అక్కడే బాప్తిస్మం పొందాడు. నేను పుట్టి పెరిగింది అక్కడే. తన కొడుకు తన దేశంలో చదువుకుని ఓవర్‌సీరు కావాలని ఆయన కోరిక. తన దేశమని ఆయన అనుకున్నాడు గాని హైదరాబాదు నాకు పరదేశమే. పాఠాలన్నీ ఉర్దూలో, నాణెం వేరు, మర్యాదలు వేరు, తరగతిలో అందరూ నన్ను 'బర్మావాలా' అని పిలిచేవారు. చేపల కూర లేని అన్నం గొంతు దిగేది కాదు. ఓడరేవులో నా భుజం మీద చెయ్యి వేసి మా నాన్న చెప్పిన ఆఖరి మాట ఒక్కటే: "ఎవరింట్ల తిన్నా తిను బిడ్డా, విగ్రహానికి పెట్టింది మాత్రం ముట్టకు." పరదేశంలో ఒంటరిగా ఉన్నవాడికి తండ్రి మాటే ఇల్లు. నేను దాన్ని పట్టుకుని కూర్చున్నాను.

నేను అద్దెకున్న ఇల్లు మల్లమ్మ అవ్వది. భర్త పోయాక కొడుకుతో కలిసి బర్రెలను మేపుకుంటూ గల్లీ అంతటికీ పాలు పోసేది. ఎదురింట్లో ఖాదర్ భాయ్ ఉండేవాడు, పత్తర్‌గట్టిలో పుస్తకాలకు అట్టలు కట్టేవాడు, సాయంత్రాలు నాకు ఉర్దూ నేర్పేవాడు, నిలువు గీతల్లాంటి నా అలీఫ్‌లను చూసి "ఇవి అక్షరాలా, మీ మిల్లుల కట్టెలా?" అని ఆటపట్టించేవాడు. వాళ్లిద్దరూ లేకపోతే నేను మొదటి వానాకాలంలోనే ఓడ ఎక్కి వెనక్కి పోయేవాణ్ణి.

ఒక రోజు మల్లమ్మ అవ్వ కొంగు కప్పిన గిన్నె పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "బర్రె ఈనింది బిడ్డా, జున్ను తెచ్చిన, వేడి మీద తిను," అంది. బెల్లం, యాలకుల వాసన గదంతా నిండింది. నేను చెయ్యి చాపలేదు. "దేవుని ముందల పెట్టినవా అవ్వా?" అని అడిగాను. "పెట్టకుంట ఎట్ల తెస్త? మల్లన్నకు పెట్టినంకనే గదా గల్లీల పంచేది," అంది ఆమె, ఇదేం ప్రశ్న అన్నట్టు నవ్వుతూ. "అట్లయితే నాకొద్దు, తీస్కపో. రాతికి పెట్టింది నేను తినను," అన్నాను.

'నాకొద్దు' వరకు ఆగినా సరిపోయేది సహోదరులారా. 'రాతికి' అన్న ఆ ఒక్క మాట ఎందుకన్నానో నాకు ఈనాటికీ తెలియదు. పాలవాళ్ల ఇళ్లలో జున్ను తిప్పి పంపితే ఆ దూడకు మంచిది కాదని భయపడతారట, అది నాకు తెలియదు, తెలిసినా అప్పటి నా పొగరుకు ఆగి ఉండేవాణ్ణి కాదేమో. ఆమె నవ్వు మెల్లగా ఆరిపోయింది. "తెల్వక తెచ్చిన బిడ్డా, ఇగ తేను," అని గిన్నె మీద మళ్లీ కొంగు కప్పుకుని మెట్లు దిగిపోయింది.

ఆ ఆదివారం మూసీ దాటి ఆరాధనకు వెళ్లి, శోధనలో దేవుడు నన్ను నిలబెట్టాడని ఆ సంగతే సాక్ష్యంగా చెప్పాను. పెద్దలు నా తల మీద చేతులుంచి దీవించారు. తిరిగి వచ్చేటప్పుడు చార్మినారు దగ్గర జనంలో నడుస్తుంటే నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. ఆ నడకను తలచుకుంటే ఇప్పుడు నాకు సిగ్గేస్తుంది.

తర్వాత యుద్ధం వచ్చింది, నా మనసు దేవుని మీద విరిగింది, జ్వరం పట్టుకుంది. గల్లీలో మోతీజరా అన్నారు, ఖాదర్ భాయ్ పిలుచుకొచ్చిన డాక్టరు టైఫాయిడ్ అన్నాడు. పలచటి పాలు, సగ్గుబియ్యం జావ తప్ప ఇంకేదీ కడుపులో పడకూడదని గట్టిగా చెప్పి వెళ్లాడు. మూసీ అవతలి మా సంఘంవాళ్లు దూరం, పైగా అంటుకునే జబ్బని భయం, వాళ్లను నేనేమీ అనను. అక్కడి కాపరిగారు వచ్చి ప్రార్థించి కమలాపండ్లు పెట్టి వెళ్లారు, అవి నేను తినకూడదు. అలా పడి ఉండగా ఒక తెల్లవారుజామున మెట్ల మీద అడుగుల చప్పుడైంది. మల్లమ్మ అవ్వ. చేతిలో గిన్నె. నేను అటు తిరిగి పడుకున్నాను.

ఆమె మంచం పక్కన కింద కూర్చుని మెల్లగా అంది: "దేవుని ముందల పెట్టలే బిడ్డా. పిండిన గిన్నె పిండినట్టే తెచ్చిన, నీళ్లు పోసి కాచిన, అంతే. నీకు తప్పు రాదు, తాగు."

తాగాను. ఆ రోజు తాగాను, మర్నాడు తాగాను, లేచి కూర్చునేదాకా ప్రతి తెల్లవారుజామునా ఆమె వచ్చి ఆ మాటే చెప్పి పాలు పట్టేది. నా నోరు తుడిచేది, పక్కబట్టలు మార్చేది. నేనేమనుకున్నానో చెప్పనా? చూశావా, నేను గట్టిగా ఉన్నందుకు ఆమె దారికి వచ్చింది అనుకున్నాను. జ్వరంతో పుల్లలా ఎండిపోయిన మనిషిని, దేవునితో మాటల్లేవన్న మనిషిని, అయినా ఆ గెలుపు ఒక్కటి మాత్రం వదల్లేదు! చూడడానికి వచ్చిన కాపరిగారికి ఆ మాట చెప్పాను కూడా.

ఒంట్లో కాస్త బలం వచ్చి గోడకు ఆనుకుని కూర్చోగలిగిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఖాదర్ భాయ్ వచ్చాడు. మాటల్లో నేను మళ్లీ నా గొప్ప చెప్పుకున్నాను. ఆయన టోపీ సర్దుకుని చెప్పాడు.

"సామ్యేల్ సాబ్, చెప్పాల్నా వద్దా అని సోంచాయిస్తున్న. గా అమ్మ ఇంట్ల పొద్దుగాల మొదటి పాలు మల్లన్నకే. అత్త దినాల సంది గదే రివాజ్. మీరు మంచాన పడ్డకాడి నుంచి మొదటి గిన్నె మీకొస్తున్నది. నేను ఫజర్ నమాజ్ అయినంక పాలకు పోత గదా, కండ్లార చూసిన. బర్రెలకేమన్న అయితే ఎట్లనే అని కొడుకు లొల్లి పెట్టిండు. 'మల్లన్న ఆగుతడు తియ్, గా పిలగాడు ఆగుతడా' అన్నది. మీకు పాలిచ్చి దిగొచ్చి మల్లన్న గూటి ముందట నిలబడి లెంపలేసుకుంటది. రోజు గదే. భయపడుకుంటనే చేస్తది, అయినా చేస్తది."

ఆయన లేచి వెళ్లిపోయాడు. సహోదరులారా, నేను నా దేవుని కోసం ఒక గిన్నె జున్ను వదులుకున్నాను, దానికి సంఘం ముందు నిలబడి పేరు తెచ్చుకున్నాను. ఆ తల్లి నా కోసం, తనను రాతికి మొక్కేదానివని అవమానించిన ఒక పరదేశి కోసం, తన బర్రెల్నీ తన బ్రతుకునీ కాపాడతాడని నమ్మిన తన దేవుణ్ణి ప్రతి ఉదయం వెనక్కి నిలబెట్టి, ఆ భయాన్ని ఒంటరిగా మోసి, నాతో ఒక్క మాటైనా అనకుండా నా నోటికి పాలు అందించింది. ఎవరు ఎవరి కోసం నిలబడ్డారు?

ఆ మధ్యాహ్నం నా నోరు తెరుచుకుంది. గోడ పట్టుకుని మోకాళ్ల మీదికి దిగాను. నా ప్రార్థన నాకింకా గుర్తుంది: "ప్రభువా, నువ్వు నన్ను విడిచిపెట్టావని నేను నీ మీద అలిగి ఉన్న దినాలన్నిటిలోనూ నువ్వు ఈ మెట్లెక్కి వస్తూనే ఉన్నావు, నేను నిన్ను గుర్తు పట్టలేదు. నా గర్వం నుంచి నన్ను విడిపించు. మా అమ్మా నాన్నలు ఎక్కడున్నారో నాకు తెలియదు, ఈ ఇంటివాళ్లలాంటి వాళ్ల చేతుల్లో వాళ్లను పెట్టు తండ్రీ." అంతవరకు గొంతులో ఆగిపోయిన మా అమ్మ పేరు అప్పుడు బయటికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి అక్కడే నిద్రపోయాను. జ్వరం ముందే తగ్గింది, కాని నాకు స్వస్థత కలిగింది ఆ రోజేనని నేను నమ్ముతాను.

ఇక్కడితో సాక్ష్యం ఆపితే బాగుంటుంది. కాని మర్నాడు ఏం జరిగిందో కూడా చెప్పాలి. క్షమించు అవ్వా అని చెబుదామని రాత్రంతా అనుకున్నవాణ్ణి, ఆమె గిన్నెతో గుమ్మంలోకి రాగానే సిగ్గుతో ఆ మాట మింగేసి, "నాకు నయమైంది అవ్వా, రేపటి నుంచి పాలొద్దు," అన్నాను. ఆమెకు ఆ భయం తప్పించాలని నా ఉద్దేశం. ఆమెకు వినపడింది మాత్రం పాత మాటే. "సరే బిడ్డా," అంది, మళ్లీ కొంగు సర్దుకుంది, దిగిపోయింది. వెంట వెళ్లి పిలవవచ్చు. కాళ్లున్నాయి. వెళ్లలేదు.

ఎండలు ముదిరాక ఒక రోజు గల్లీలో జట్కా ఆగింది. మా అమ్మ ఒక్కతే దిగింది. అరకాన్ కొండలు నడిచి దాటి, ఎన్నో బళ్లు, రైళ్లు మారి, గుర్తు పట్టలేనంత చిక్కిపోయి వచ్చింది. నాన్న గురించి నేను అడగలేదు, ఆమె చెప్పనూ లేదు, ఇద్దరికీ తెలిసిపోయింది. మల్లమ్మ అవ్వ ఆమెను చెయ్యి పట్టి లోపలికి తీసుకుపోయి, నీళ్లు పోసి, తన చీర కట్టబెట్టి, ఆకులో అన్నం వడ్డించింది. ఆ రోజు వాళ్లింట్లో ఏదో మొక్కు ఉన్నట్టుంది, దేవుని ముందు పెట్టిన గుర్తుగా అన్నం మీద పసుపు కనబడుతోంది. నేను గుమ్మంలో బిగుసుకుని నిలబడ్డాను. మా అమ్మ కళ్లు మూసుకుని ప్రభువుకు స్తోత్రం చెప్పుకుని కడుపారా తింది.

తిన్నాక చెప్పింది. "కొండల నడుమ బుద్ధుని మఠం కాడ సన్యాసులు మాకు బువ్వ పెట్టిండ్రు బిడ్డా, వాళ్లు అడుక్కొచ్చుకున్న బువ్వ. మీ నాయిన తలరుమాలు తీసి కింద పెట్టి, 'పెట్టిన చేతులను దీవించు దేవా' అని తిన్నడు. ఆయన కడుపు నిండ తిన్నది గదే ఆఖరు. మరునాడే వాంతులు బేదులు పట్టుకున్నయి. దారి పక్కనే మట్టిల పెట్టి వచ్చినం."

మల్లమ్మ అవ్వ కొంగుతో కళ్లొత్తుకుంది. కాసేపటికి మా అమ్మ ఆమె వైపు తిరిగి, "మావోడు నిన్ను తిప్పలేమన్న పెట్టిండా అక్కా? మొండోడు వాడు," అని అడిగింది.

నేను అక్కడే ఉన్నాను. చెప్పవలసిన వాణ్ణి నేను. ఆమె నా వైపు చూడనైనా చూడకుండా, "అట్లేం లేదు చెల్లె. మంచోడే. తిండి కాడనే జర సిగ్గుపడ్తడు," అంది.

అప్పుడూ నేను నోరు విప్పలేదు. చదువు ముగిసి, జిల్లాల్లో ఉద్యోగం దొరికి, ఈసారి వెళ్లినప్పుడు చెబుదాం, ఈసారి చెబుదాం అనుకుంటుండగానే ఆమె కన్నుమూసిందని ఖాదర్ భాయ్ కబురు పంపాడు.

కాబట్టి నా ప్రియులారా, మీలో ఎవరైనా జ్వరంతోనో దుఃఖంతోనో పడి ఉండి, దేవుడు నన్ను మరచిపోయాడని అనుకుంటూ ఉంటే, ఆయన మరచిపోడని నేను చెప్పగలను, ఆయనను నమ్ముకోండి. ఆయన పంపే మనిషి మన సంఘంలో మనిషే కావాలని పట్టుబట్టకండి. వచ్చినవాళ్లు ఇంకా మీ గుమ్మంలో ఉండగానే చెప్పవలసిన మాట చెప్పేయండి. నన్ను బ్రతికించినందుకు, మా అమ్మను నాకు తిరిగి ఇచ్చినందుకు మహిమ అంతా దేవునికే. మల్లమ్మ అవ్వకు చెప్పని ఆ మాట మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.