ఆఫ్రికా చీటీలో మొదటి పేరు

మా ఇంట్లో రెండు గొట్టాల తుపాకీ ఒకటి ఉంది. పెళ్ళయి ముప్పై నాలుగేళ్ళయినా అది పేలగా నేను వినలేదు. గడప దాటి వెళ్ళడం మాత్రం చాలాసార్లు చూశాను. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో అప్పగించాలి కదా. మా ఆయన దాన్ని పాత దుప్పట్లో చుట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని వెళ్ళి, రసీదు పట్టుకుని తిరిగొస్తారు. ఓట్ల లెక్కింపు అయ్యాక మళ్ళీ వెళ్ళి తెచ్చుకుంటారు. నేను పుట్టింటికి వెళ్ళిన సార్లకంటే అది ఠాణాకి వెళ్ళిన సార్లే ఎక్కువ. మేముండే ఒడియా ఊళ్ళో, గేట్ బజార్‌లో మా కిరాణా కొట్టు చుట్టుపక్కల వ్యాపారులు ఆయనకు ‘ఠాణా బందుక’ అని పేరు పెట్టేశారు. ఠాణా తుపాకీ అన్నమాట. ఒడియాలో అంటే ముద్దుగా ఉంటుందని వాళ్ళ ఉద్దేశం. ఆయన అక్కడ నవ్వేసేవారు. ఇంటికొచ్చి ఆ పూట అన్నం కెలికి లేచిపోయేవారు.

తుపాకీ ఆయన తాతగారిది. ఆ పెద్దాయన జమీందారుల వేటల్లో ముందు నడిచిన మనిషట. మా ఆయనకు ఊహ తెలిసేసరికి వేట నిషేధం వచ్చేసింది. కథలు మిగిలాయి, తుపాకీ మిగిలింది. కథలు వింటూ, తుపాకీకి నూనె రాసి తుడుస్తూ, పగలంతా పసుపూ ధనియాలూ తూస్తూ ఆయనకు అరవై దగ్గరపడింది. చట్టం ఒప్పుకునే చోట నిలబడి, తాత మనవడిననిపించుకునేలా ఒక్కసారి వేటాడాలి. ఆయన జీవితంలో ఉన్న పెద్ద కోరిక అదొక్కటే. మనిషికి ఉన్న ఒక్క కోరికా తీరకపోగా, బజారంతా దాన్నే పేరుగా పెట్టి పిలుస్తుంటే ఎంత కష్టంగా ఉంటుందో ఆయన చెప్పలేదు గానీ, నాకు తెలుసు.

రెండేళ్ళ క్రితం బీమా డబ్బు చేతికొచ్చింది. ఆ సాయంత్రం టీ గ్లాసు పట్టుకుని నా దగ్గరకు వచ్చి కూర్చున్నారు.

“ఏటే, దక్షిణాఫ్రికాలో పర్మిట్ తీసుకుంటే యేటకి సట్టం ఒప్పుకుంటాదంట.”

“సింహాన్ని కొడతారేటండీ?”

“అబ్బే, సింహం జోలికి మనం ఎల్లం. దానికి కోపమెక్కువ. మైదానంలో గడ్డి మేసే జంతువులుంటాయి సూడు, ఆటినే. ప్లెయిన్స్ గేమ్ అంటారంట.”

నేను ఆడపిల్లల స్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన దాన్ని. కాబట్టి ఆఫ్రికాకు ఉత్తరాలు రాసే పని నా మెడకు చుట్టుకుంది. అక్కడి వేట క్షేత్రం యజమాని బహు మర్యాదస్తుడు. మొదటి మెయిల్లోనే వేటలో మీ అనుభవం ఎంత అని అడిగాడు.

“మూడు తరాల అనుభవమని రాయి,” అన్నారు ఈయన.

“మూడో తరం ఏటి సేసిందని అడిగితే?”

“అడగడులే, రాయి.”

రాశాను. యజమాని అడగలేదు. కానీ తాతగారి తుపాకీ కొలతలన్నీ రాసి పంపితే, దయచేసి దాన్ని ఇంట్లోనే ఉంచండి, ఇక్కడి జంతువులకు అది చాలదు, మేమే రైఫిల్ ఇస్తాం అని జవాబిచ్చాడు. ఈయన ముఖం మాడిపోయింది. “అయితే తాత తుపాకీ ఆఫ్రికా సూడదన్నమాట,” అన్నారు. “పోనీలెండి, ఠాణా సూసింది కదా,” అన్నాను నేను. నా నోటికి తాళం లేదు. ఆ తర్వాత రెండు రోజులు ఆయన నాతో ఉప్పూ పప్పూ గురించి తప్ప మాట్లాడలేదు.

అలక తీరాక సాధన మొదలైంది. అక్కడ మూడు కర్రలు పైన కలిపి కట్టి, ఆ సందులో రైఫిల్ ఆనించి కాలుస్తారట. మా ఆయన మూడు వెదురు కర్రలు తెచ్చి, పాత సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టారు. రైఫిల్ బదులు గొడుగు. రోజూ సాయంత్రం డాబా మీద నిలబడి పక్కింటి నీళ్ళ ట్యాంకు మీది కాకులకు గురి పెట్టేవారు. పక్కింటావిడ రెండు రోజులు చూసి, మూడో రోజు నుంచి బట్టలు వెనకవైపు ఆరేసుకుంది. కొట్లో కందిపప్పు బస్తా మీద ఇంపాలా అనే ఆఫ్రికా జింక బొమ్మ అంటించారు. ధనియాలకు వచ్చిన మనిషిని నిలబెట్టి, “సూడండి, ముంగాలి ఎంటే పైకి రావాల. ఒంట్లో మూడో వంతు ఎత్తు కాడ కొట్టాల. గుండె అక్కడే ఉంటాది,” అని చెప్పేవారు. ఆ మనిషి ధనియాలు మర్చిపోయి వెళ్ళిపోయేవాడు.

చివరికి క్షేత్రం నుంచి బొమ్మలతో సహా జంతువుల పట్టిక వచ్చింది. మీకు కావలసినవి వరుసలో రాసి పంపండి అన్నాడు యజమాని. మా ఇద్దరం భోజనాలయ్యాక తాపీగా కూర్చున్నాం. మెలికలు తిరిగిన కొమ్ముల కుడూ, చారల జీబ్రా, గడ్డం ఉన్న వైల్డ్‌బీస్ట్. పేజీలు తిప్పుతుంటే చివర్లో కృష్ణజింక కనిపించింది. మన కృష్ణజింకే! ఎప్పుడో మన దేశం నుంచి తీసుకెళ్ళి అక్కడ పెంచుతున్నారట. నా ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే నా పుట్టిల్లు ఆస్కా అవతల పల్లె. అక్కడ జింకలు మా పొలాల్లోనే తిరుగుతాయి. అవి చేలో దిగితే వానకు లోటుండదని మా ఊరి నమ్మకం. వాటి మీద రాయి విసిరిన మనిషిని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

ఇక్కడే నేను చేసిన పని చెప్పాలి. మా కొట్టుకు వచ్చే ఏ సరుకుల చీటీ అయినా పసుపుతో మొదలవుతుంది. ఇంట్లో డబ్బా నిండా పసుపున్నా సరే, మొదటి వరుసలో శుభానికి పసుపు రాసి, ఆ తర్వాతే అసలు సరుకులు రాస్తారు. ముప్పై నాలుగేళ్ళుగా అలాంటి చీటీలు చూస్తూ, రాస్తూ ఉన్న చెయ్యి నాది. ఆఫ్రికా చీటీ రాయడానికి కూర్చోగానే ఆ చెయ్యి మొదటి వరుసలో కృష్ణజింక అని రాసేసింది. శుభానికి. రెండోది కుడూ, మూడోది ఇంపాలా. అది చంపాల్సిన వాటి పట్టిక అని నాకు తెలియక కాదు. ఈయన కూడా కళ్ళజోడు పెట్టుకుని చదివారు. కొట్లో కూర్చునే మనిషి కదా, పసుపు వరుస వదిలేసి రెండో వరుస నుంచే చదివి, “బాగుంది, పంపు,” అన్నారు.

నాలుగు రోజులకు జవాబు వచ్చింది. మీరు మొదట కోరినట్టే మొదటి రోజు ఉదయమే కృష్ణజింక, మీ కోసం మంచి మగదాన్ని చూసి ఉంచాం అని ఫొటోతో సహా పంపాడు. అది చదివి నేను నోరెళ్ళబెట్టాను. ఈయన ప్రింటు తీసిన కాగితం అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. సరిగ్గా ఆ మధ్యాహ్నమే మా అన్నయ్య గుమ్మడికాయ భుజాన పెట్టుకుని పల్లె నుంచి దిగాడు. అన్నయ్యకు ఇంగ్లీషు రాదు. బొమ్మ చూడటానికి ఇంగ్లీషు అక్కర్లేదు కదా.

“ఇది మన జింక కాదేటే?” అన్నాడు మురిసిపోతూ.

“మనదే అన్నయ్యా. ఎప్పుడో ఇక్కడి నుంచి పట్టుకెల్లారంట.”

“మరి దీని పక్కన ఒకటి అంకె ఏటి?”

మా ఆయన గొంతు సవరించుకుని, “అదీ... బావా... ముందుగాల దాన్ని...” అని ఆగిపోయారు.

అన్నయ్యకు అర్థమైంది. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు ఎంత హాయిగా ఉండేదో! టీ మొత్తం తాగి, గ్లాసు కింద పెట్టి, “బావా, ఓపాలి మా పొలానికి రా. ఆ కర్రలు కూడా తెచ్చుకో. కాకుల మీదేటి, జింకల మీదే పేక్టీసు సేసుకుందువు,” అని చెప్పి వెళ్ళిపోయాడు. వెటకారమో నిజమో తెలియలేదు. మా వంశంలో మాటలన్నీ అలాగే ఉంటాయి.

మరుసటి ఆదివారమే ఇద్దరం ఆస్కా బస్సెక్కాం. వెదురు కర్రలు బస్సులో పట్టక కండక్టరుతో గొడవైంది. ఆ పూటకు అన్నయ్య ఇంట్లో పడుకుని, తెల్లవారగానే చేలోకి వెళ్ళాం. వరి కోశాక చల్లిన పెసర చేను అది. మంచు ఇంకా విడలేదు. ఆరు జింకలు మేస్తున్నాయి, వాటిలో ఒకటి నల్లటి మగది. మా ఆయన కర్రలు నిలబెట్టి, గొడుగు ఆనించి, ఒక కన్ను మూశారు. నవ్వొచ్చి నేను ఫోన్‌లో ఫొటో తీశాను. ముంగాలి వెంట పైకి, మూడో వంతు ఎత్తులో, ఆయన గురి సరిగ్గా కుదిరి ఉంటుంది. జింక తల ఎత్తి ఆయన వైపే చూసింది. నములుతూనే చూసింది. తర్వాత తల దించి మళ్ళీ మేతలో పడింది. మనిషికి భయపడాలని దానికి ఎవరూ నేర్పలేదు.

చేను సగం ఖాళీ అయిపోతోంది. అన్నయ్య చేతులు వెనక్కి కట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడు.

“అదిలించవేటి బావా? పంటంతా పోతంది,” అన్నారు ఈయన.

“ఆకలేసి వచ్చినాయి. తిని ఎల్లిపోతాయి. ఆనలు తెచ్చినోల్లని తరుముతామేటి?”

మా ఆయన గొడుగు దించారు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, “మొదటి పేరు కొట్టెయ్,” అన్నారు. నా మనసు తేలికపడింది. ఇక ఆఫ్రికా ప్రయాణం నిశ్చింతగా సాగుతుందని కూడా అనుకున్నాను. పొరపాటైంది, జింక వద్దు అని క్షమాపణతో ఉత్తరం రాశాను.

యజమాని పాపం ఏమీ అనుకోలేదు. దానిదేముంది, మొదటి ఉదయం కుడూనే కొడదాం, ఈ ముసలి మగది రోజూ తెల్లవారగానే మా పనివాళ్ళ ఇళ్ళ దగ్గర తొట్టికి నీళ్ళ కోసం వస్తుంది, వెతికే పని కూడా లేదు అని ఫొటో పంపాడు. ఎంత అందమైన కొమ్ములవి! నేను కొమ్ములే చూశాను. మా ఆయన మాత్రం ఫోను కంటి దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసి, వేలితో పెద్దది చేసి నాకు చూపించారు. కుడూ వెనక, పది అడుగుల దూరంలో, ఒకావిడ తీగ మీద బట్టలు ఆరేసుకుంటోంది. దానికి వీపు పెట్టి నిలబడింది.

“సూసావా, అదిలించనేదు,” అన్నారు.

“ఊఁ.”

“అక్కడా ఉన్నారే మీ అన్నలాటోల్లు.”

నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే వెటకారం ఆ పూట నోట్లోకి రాలేదు. ఆదివారం ఆదివారం మేకమాంసం తినే ఇల్లే మాది, మేమేమీ మునులం కాదు. అయినా ఆయన ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది. అరవై ఏళ్ళ కోరికను ఆయన నా కళ్ళ ముందే, దుప్పట్లో తుపాకీ చుట్టినంత జాగ్రత్తగా చుట్టేసుకుంటున్నారు.

“రాలేమని రాసెయ్,” అన్నారు.

“మూడు తరాల అనుభవమని రాసాం కదండీ. ఇప్పుడేటని రాయను?”

“మూడో తరానికి సేత కాదని రాయి.”

రాలేమని రాశాను గానీ, కారణం అది రాయలేదు. ఏం రాశానో ఆయనకు ఈనాటికీ చెప్పలేదు. వెదురు కర్రలు డాబా మీదే ఉన్నాయి, పక్కింటావిడ బట్టలు మళ్ళీ ముందువైపుకు వచ్చాయి. మొన్న ఎన్నికలు రాగానే ఆయన తుపాకీని దుప్పట్లో చుట్టి ఠాణాలో ఇచ్చి, రసీదు జేబులో పెట్టుకుని కొట్టుకు వెళ్ళారు. బజార్లో అందరూ మామూలుగానే “ఠాణా బందుక” అని పిలిచారట. ఇంటికొచ్చి ఆ మాట ఆయనే చెప్పి, అన్నం రెండుసార్లు అడిగి పెట్టించుకున్నారు.