యాభై కిలోమీటర్ల లోపల

ఈ ఉదయం కాఫీ తాగుతూ ఫోను తెరిస్తే, ఏటా ఈ రోజుల్లో వచ్చే ఉత్తరమే మళ్ళీ వచ్చి ఉంది: మీరు మీ ఊరి పేరు ఇంకా నింపలేదు, నింపితే మీ దగ్గరలో ఉన్న సభ్యులు మిమ్మల్ని కనుక్కోగలరు అని. మనిషి రాసింది కాదు, వెబ్‌సైటు తనంతట తాను పంపేది. ఇది తొమ్మిదోది. ముందు ఎనిమిదింటినీ చదివి తీసేశాను. ఎందుకు తీసేశానో మాత్రం ఎవరితోనూ సరిగ్గా చెప్పలేదు.

మచిలీపట్నంలో, అంటే మా బందరులో, బస్టాండు కంట్రోలరుగా చేరిన కొత్తలో, బస్సుకీ బస్సుకీ మధ్య ఖాళీలో, పాత చార్టుల వెనక అంకెల చదరాలు వేసే అలవాటు నాకు పట్టుకుంది. గళ్ళలో అంకెలు నింపాలి. అడ్డంగా, నిలువుగా, మూలల వెంట ఎలా కూడినా ఒకే మొత్తం రావాలి. ఇంటరు దాటి చదవని నాకు ఇవి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఊళ్ళో ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాక, ఇదే పిచ్చి ఉన్నవాళ్ళు దేశదేశాల్లో ఉన్నారనీ, వాళ్ళందరికీ ఒక సైటు ఉందనీ తెలిసి అందులో చేరాను. నా ఇంగ్లీషు అంతంతమాత్రమే అయినా అంకెలు చూసి ఆదరించారు.

అక్కడ నాకొక పని దానంతటదే ఏర్పడింది. పోర్చుగల్ వెళ్తున్నాను, అక్కడ మనవాళ్ళెవరైనా ఉన్నారా అని ఒకావిడ అడిగితే, పాత సందేశాలన్నీ తిరగేసి ముగ్గురి పేర్లు చెప్పాను. ఆ మర్నాడే పొడుగాటి రూళ్ళ పుస్తకం కొని సభ్యుల పేర్లు, ఊళ్ళు రాయడం మొదలుపెట్టాను. దూరాలు మొదట్లో స్కూలు అట్లాసు మీద స్కేలు పెట్టి కొలిచేవాణ్ణి. నార్వే ఆయన ఒకరు, మీరు చెప్పిన దూరం అసలుకి దాదాపు రెట్టింపుందండీ అని మర్యాదగా రాస్తే, గుండ్రటి భూమిని కాగితం మీద పరిచినప్పుడు ఉత్తరాన సాగిపోతుందన్న సంగతి అప్పుడు తెలిసి సిగ్గుపడ్డాను. మేనకోడలికని చెప్పి గ్లోబు కొన్నాను. పెడన నేతవాళ్ళ దగ్గర తెచ్చుకున్న ఎర్ర నూలుపోగు రెండు ఊళ్ళ మధ్య బిగించి, స్కేలు మీద పెట్టి, కిలోమీటర్లలోకి మార్చేవాణ్ణి. వారానికి నలుగురైదుగురు అడిగేవారు. కొత్తవాళ్ళెవరైనా అలాంటి ప్రశ్న వేస్తే పాతవాళ్ళు, మచిలీపట్నం ఆయన్ని అడగండి అనేవారు. ఆ మాట చదివిన రోజు అన్నం రెండు ముద్దలు ఎక్కువ తినేవాణ్ణి.

పుస్తకంలో మొత్తం నాలుగువందల పన్నెండు పేర్లు. మన కృష్ణా డెల్టాకు ఒక పేజీ విడిగా కేటాయించాను. గూడూరు నుంచో పమిడిముక్కల నుంచో ఎవరో ఒకరు రాకపోతారా అని ఎదురుచూస్తే, పదకొండేళ్ళు ఆ పేజీలో నా పేరొక్కటే ఉంది.

రెండో పేరు మా చెల్లెలి భర్తది. గుడివాడలో కంప్యూటర్ సెంటరు నడుపుతాడు, నాకంటే పదేళ్ళు చిన్న. చదరాలు నేర్పిందీ, సైటులో చేర్చిందీ నేనే. ఏడాది తిరక్కుండా సైటు నడిపేవాళ్ళతో మాట్లాడి, ఊరి పేరు కొట్టి ఎన్ని కిలోమీటర్ల లోపలో చెబితే చాలు, సభ్యుల పేర్లు దూరం వరసలో వచ్చే ఏర్పాటు చేసిపెడతానని ఒప్పుకున్నాడు. ఆ సంగతి నాకు వాళ్ళింట్లో భోజనం దగ్గర చెప్పాడు.

"బావగారూ, ఆ పుస్తకం ఓ పది రోజులు ఇవ్వండి. ఊళ్ళన్నీ అందులోంచి ఎక్కించేస్తాను. ఆ ఎర్రదారం కూడా ఇస్తే మ్యూజియంలో పెట్టిద్దాం."

"ఆ పుస్తకం వదిననే ముట్టుకోనివ్వడు అన్నయ్య, మీకిస్తాడా?" అంది మా చెల్లెలు, పప్పు వడ్డిస్తూ.

అందరితో పాటు నేనూ నవ్వాను. పుస్తకం ఇవ్వలేదు గానీ, జాబితా అంతా నేనే కాపీ రాసి పంపాను. నాలుగువందల పదకొండు పేర్లు. నా పేరు ఎక్కించలేదు. నేను కనబడకపోతే ఎవరడుగుతారో చూద్దామనుకున్నాను.

బావ వెంటనే పట్టేసి ఫోను చేశాడు. "అందరూ ఉన్నారు, మీరే లేరేంటి బావగారూ?"

"నేనెక్కడుంటానో అందరికీ తెలిసిందేగా బావా," అన్నాను.

ఏర్పాటు మొదలైంది. అందరూ మా బావని మెచ్చుకున్నారు. నేను రోజులు లెక్కపెట్టాను. నలభై రోజుల్లో నన్ను దారి అడిగినవాళ్ళు సున్నా. మచిలీపట్నం ఆయన ఏమయ్యాడని అడిగినవాళ్ళూ సున్నా.

ఆ తర్వాత అవనిగడ్డలో లెక్కల మాస్టారుగా రిటైరైన పెద్దాయన ఒకరు సైటులో చేరారు. ముప్ఫై ఏళ్ళుగా ఒంటరిగా చదరాలు వేసుకుంటూ, ఈ లోకంలో ఈ పని చేసేది తానొక్కరేననుకున్నారట. చేరిన రోజే అవనిగడ్డ అని కొట్టి, యాభై కిలోమీటర్ల లోపల ఎవరున్నారని చూస్తే వచ్చింది ఒకే పేరు: మా బావ, గుడివాడ, నలభై ఏడు కిలోమీటర్లు. ఆ దూరాలు గ్లోబు మీద దారానికి అందవు. జిల్లా పటం తీసి కొలిచాను. బందరు ముప్ఫయ్యే.

నాకు మొదట వెబ్‌సైటు మీద, తర్వాత మా బావ మీద, ఆఖరికి మొహం చూడని ఆ మాస్టారి మీద కూడా అసూయ పుట్టింది. ఆదివారం మాస్టారింటికి వెళ్తున్నాం, మీరూ రండి అని బావ ఎన్నిసార్లు పిలిచినా డ్యూటీ ఉందన్నాను.

"లేని డ్యూటీ చెప్తారేంటండీ? చెల్లెలి మొగుడితో పోటీ ఏంటి, చోద్యం కాకపోతే!" అంది మా ఆవిడ.

వెనకటి రోజుల్లో మనిషిని వెతకాలంటే ఇంకో మనిషిని అడగాల్సి వచ్చేది. అడిగేటప్పుడు తమ ఊరి మంచు సంగతీ, మోకాలి నొప్పి సంగతీ కూడా రాసేవారు. ఇప్పుడు అడగక్కర్లేదు, అందుకని ఏమీ చెప్పక్కర్లేదు.

ఈ ఉదయం ఆ గడిలో మచిలీపట్నం అని నింపాను. యాభై కిలోమీటర్లని కొడితే రెండు పేర్లొచ్చాయి: ముందు మాస్టారు, తర్వాత మా బావ. నేను ఊరు నింపానని వాళ్ళకి సైటు చెప్పదు, వెతికినవాళ్ళకే కనిపిస్తాను. మా బావ ఇప్పటికీ ప్రతి నెలా రెండో ఆదివారం గుడివాడలో బస్సెక్కి, పామర్రు, కూచిపూడి, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ వెళ్తాడు. ఆ దారిలో బందరు తగలదు. మాస్టారికి మళ్ళీ వెతకాల్సిన అవసరమూ లేదు. ఆయనకు కావలసిన మనిషి తొమ్మిదేళ్ళ క్రితమే దొరికాడు.