స్టాఫ్ క్యాబిన్‌లో కస్టర్డ్

ఆ రోజుల్లో నా కోపం ఎలాంటిదంటే, పొద్దున్నే చెప్పు తెగినా దానికి ఎవరో ఒకరు నాకు జవాబు చెప్పాలి అనుకునేవాణ్ణి. ఇప్పుడు తగ్గిందని కాదు. ముప్పై అయిదు దాటాక దాన్ని కోపం అనరు, బీపీ అంటారు, పొద్దునొకటి రాత్రొకటి మాత్ర ఇస్తారు, అంతే తేడా. ఇరవై నాలుగేళ్ళకి మాత్రలేవీ లేకుండా ఖతార్ వచ్చాను. జగిత్యాలలో మా ఏజెంటు ఇంటర్వ్యూకి ముందు మా అందరినీ వరసగా కూర్చోబెట్టి ఒకే ఒక్క పాఠం చెప్పాడు: ఏమడిగినా ‘యెస్ సార్’ అనాలి. హౌస్‌కీపింగ్ వచ్చా అన్నారు, యెస్ సార్. ఈత వచ్చా అన్నారు, యెస్ సార్ (మా వాగులో మోకాలు దాటి నీళ్ళు నేనెప్పుడూ చూడలేదు). కుక్కలంటే ఇష్టమా అన్నారు. మూడో తరగతిలో కుక్క కరిచి, బొడ్డు చుట్టూ సూదులు పొడిపించుకున్నవాణ్ణి నేను. వీధి చివర కుక్క తోక కనిపిస్తే ఇంకో వీధిలోంచి ఇంటికి వెళ్ళేవాణ్ణి. అందరికంటే గట్టిగా యెస్ సార్ అన్నాను. ఆ గట్టితనం వాళ్ళకి బాగా నచ్చిందట.

అలా నన్ను దోహాకు పడమర తీరాన, పట్నానికి గంటన్నర దూరంలో ఉన్న పదహారు చెక్క కాటేజీల దగ్గర వేశారు. సెలవులకి జనం కుక్కలతో సహా వచ్చి ఉండే చోటది. బ్రోచర్ మీద ‘కొండలూ కడలీ కలిసేచోట, మీ కుక్కకీ స్వాగతం’ అని రంగుల్లో వేశారు. కడలి ఉంది, లేదనకూడదు. కొండ మాత్రం గాలికి అరిగిపోయి నిలబడ్డ ఒక సున్నపురాయి దిబ్బ. చిన్నప్పుడు మా ఊరి గుట్ట రోజూ ఎక్కి దిగినవాణ్ణి, దాన్ని కొండ అనడానికి నాకు నోరు రాలేదు (అయినా ‘మౌంటెన్ వ్యూ’ అని పేరు పెట్టిన నాలుగు కాటేజీల కిటికీలు వారానికి రెండుసార్లు నేనే తుడిచాను). ఆఫీసు గోడ మీద రెండు కాగితాలు పక్కపక్కనే అంటించి ఉండేవి. ఒకటి కుక్కల కాగితం: కుక్కలు బీచ్ మీద తిరగవచ్చు, సముద్రంలో దిగవచ్చు, తువ్వాలు పరిస్తే సోఫా మీద పడుకోవచ్చు. రెండోది మా కాగితం: స్టాఫ్ డ్యూటీ లేకుండా బీచ్ మీద కనిపించకూడదు, ముందు తలుపు నుంచి రాకూడదు, గెస్టుల కంటపడేలా కూర్చోకూడదు. ఆ రెండూ పక్కపక్కన అంటించినవాడికి ఏమీ అనిపించలేదే అని తలచుకుంటే నాకు ఈ రోజుకీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

నా డ్యూటీ కుక్కల డ్యూటీ. సముద్రంలోంచి వచ్చిన కుక్క కాళ్ళు మంచినీళ్ళతో కడగాలి, బొచ్చులో ఇసుక దువ్వాలి, ఉప్పు లేకుండా ఉడికించిన కోడి గిన్నెలో పెట్టి, గిన్నె పక్కన పలక మీద ఆ కుక్క పేరు రాయాలి. నా పేరు ఆ కంపెనీలో ఎవరూ ఎక్కడా రాయలేదు, నంబరే రాశారు. తాడు చివరి కొసన పట్టుకుని, చెయ్యి బారుగా చాచి, మొహం అటు తిప్పుకుని నడిచేవాణ్ణి. ఇదేదో ట్రైనింగులో నేర్పిన పద్ధతి అనుకుని గెస్టులు మెచ్చుకునేవారు. ఇంటికి ఫోన్ చేస్తే మా అమ్మ ‘దుబాయ్ల ఏం పని బిడ్డా’ అని అడిగేది (మా ఊళ్ళో గల్ఫ్ మొత్తం దుబాయే). హోటల్ పని అని చెప్పి పెట్టేసేవాణ్ణి.

నాతోపాటు క్యాబిన్‌లో ఉండే అయిదుగురిలో ఒకాయన్ని మేం చాచా అనేవాళ్ళం. బోధన్ మనిషి, యాభై దాటాయి, బీపీ ఉంది, మాటకి ముందు నవ్వు ఉంది. నిజానికి కుక్కల పని మా ఇద్దరిదీ. కానీ కుక్క నోరు బట్టలకి తగిలితే నమాజుకి ముందు అవన్నీ మళ్ళీ ఉతుక్కోవాలి. రోజుకి అయిదు నమాజులు, పది కుక్కలు, ఇక ఉతుకుడే ఉతుకుడు. అందుకని మొదటి వారమే నన్ను పక్కకి పిలిచి, “బేటా, కుక్కలన్ని నువ్వు జూస్కో, బాత్రూములన్ని నేను జూస్త,” అన్నాడు. కుక్కలంటే భయమని చెప్పుకోలేకపోయాను. ఆ ఒప్పందం ప్రకారం పదహారు కాటేజీల బాత్రూములు ఆ వయసులో ఆయనే కడిగాడు, ఒక్కరోజు కూడా మాట మార్చలేదు.

మా క్యాబిన్ జనరేటర్ వెనక ఒక రేకు డబ్బా. జూన్ మొదట్లో దాని ఏసీ పోయింది. మేనేజర్ మన తెలుగాయనే, గోదావరి వైపు మనిషి. వచ్చిన కొత్తలో ఆ సంగతి తెలిసి నేను పొంగిపోయాను, వారం తిరక్కుండానే ఆయన నాకు అర్థం కాని భాష ఏదైనా మాట్లాడితే బాగుండును అనుకున్నాను. ఆయన గొంతు పెంచగా ఎవరూ వినలేదు. ఏ కష్టం చెప్పినా తల ఊపి, ‘రేపు చూద్దావయ్యా’ అనేవాడు. మేం ఆయనకి రేపు సార్ అని పేరు పెట్టుకున్నాం. ఏసీ సంగతి రిజిస్టర్‌లో రాయమన్నాడు. రాశాను. మర్నాడు మళ్ళీ రాశాను. పద్దెనిమిది రోజులు, కింద నా నంబరు, మిగతా అయిదుగురి నంబర్లు వేసి రాశాను. పెన్ను ఒత్తుడికి కాగితం చిరిగిపోయింది తప్ప ఎవరూ రాలేదు.

ఎండాకాలం మధ్యాహ్నం పూట బయట పని చేయించకూడదని అక్కడ చట్టం. ఆ ఒక్క చట్టాన్ని రేపు సార్ ఏమాత్రం రేపటికి వాయిదా వేయకుండా పాటించాడు. పదకొండున్నర అయ్యేసరికి మమ్మల్ని క్యాబిన్‌లోకి తోలేవాడు. బయటికంటే లోపల ఎక్కువ వేడి. చట్టప్రకారం మేం నీడలో ఉడికేవాళ్ళం. ముగ్గురు కుర్రాళ్ళు నీళ్ళ ట్యాంకర్ కిందకి దూరి పడుకునేవారు, ఇంకొకడు కూరగాయల స్టోర్ చూసే మలయాళీ కాళ్ళు పట్టుకుని అక్కడే ఒక మూల సంపాదించాడు. చాచా ట్యాంకర్ కిందకి దూరలేడు, ఒకరి కాళ్ళు పట్టుకోలేడు. ఒక గురువారం మధ్యాహ్నం నమాజులోంచి లేవబోయి కింద పరుచుకున్న జానిమాజ్ మీదే పక్కకి ఒరిగిపోయాడు. మొహం మీద నీళ్ళు కొట్టి, లబన్ మజ్జిగ తాగించి, అట్టముక్కతో విసిరాను. కళ్ళు తెరిచి ముందు నా చెయ్యి పట్టుకున్నాడు.

“ఎవలకు జెప్పకు బేటా. మెడికల్ అన్‌ఫిట్ అని రాసి ఇంటికి తోలుతరు. ఇంకొక్క ఏడాది ఆగాలె, బిడ్డ నర్సింగ్ అయిపోతది.”

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే వేడి వల్ల కాదు. మనిషి పడిపోయినా ఆ సంగతి చెప్పుకోవడానికి లేని చోట ఉన్నాం కదా అని పళ్ళు నూరుకుంటూనే ఉన్నాను.

మర్నాడు శుక్రవారం. ఏడో కాటేజీలో ఒక దొరసాని దిగింది, ఆమెతో గడ్డపెరుగు రంగులో, దూడంత కుక్క. దాని పేరు కస్టర్డ్. వచ్చిన గంటకి ఆ గది ఏసీలోంచి చుక్క చుక్క నీళ్ళు కారాయట. నలభై నిమిషాల్లో టెక్నీషియన్ వచ్చేశాడు. నిచ్చెన పట్టుకున్నది నేనే. ఇంత తొందరగా ఎలా వచ్చావు భాయ్ అని అడిగితే, రిజిస్టర్ ఎవరూ చూడరని, రిసెప్షన్ ట్యాబ్‌లో గెస్టు కంప్లయింట్ నింపితే తన ఫోన్ ఎర్రగా మోగుతుందని, కుక్క పేరు కూడా ఉంటే ఇంకా గట్టిగా మోగుతుందని చెప్పాడు. నిచ్చెన ఊగిపోయింది. పైనుంచి టెక్నీషియన్ అరిచాకే ఊపుతున్నది నేనేనని తెలిసింది.

మధ్యాహ్నం దొరసాని భోజనానికి దోహా వెళ్తూ కస్టర్డ్‌ని నాకు అప్పగించింది. రిసెప్షన్‌లో ఎవరూ లేరు, ట్యాబ్ ఉంది. గెస్టు పేరు అన్నచోట ఆమె పేరు రాశాను. కుక్క పేరు: కస్టర్డ్. చోటు: స్టాఫ్ క్యాబిన్. సమస్య: ఏసీ నాట్ వర్కింగ్, డాగ్ సఫరింగ్. నొక్కాక గుర్తొచ్చింది, కుక్క అక్కడ ఉండాలి కదా. తాడు పట్టుకుని బయల్దేరాను. ఆ రోజు మాత్రం చెయ్యి చాచలేదు, మొహం తిప్పుకోలేదు. కోపం నిండిపోయి భయానికి ఒంట్లో చోటు లేకుండా పోయింది. లోపలికి వెళ్ళగానే జానిమాజ్ మడతపెట్టి బీరువా పైన పెట్టాను, ఆ పాటి బుద్ధి ఉంది. కస్టర్డ్ నేల మీద కూలబడి నాలుక బయటపెట్టి నాకేసి చూసింది. ‘ఏం జూస్తున్నవ్, పద్దెనిమిది రోజుల సంది మేమున్నం ఈడ’ అని దాని మీద అరిచాను. కానీ పాపం దాని డొక్కలు ఎగిరిపడుతున్నాయి. తడి దుప్పటి తెచ్చి కప్పాను. నేను రాసినదాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు, అది నిజంగానే సఫరింగ్.

పావుగంటలో టెక్నీషియన్, ఇంకో మనిషి, వాళ్ళ చేతుల్లో పదకొండో కాటేజీ కోసం తెప్పించిన కొత్త ఏసీ. పాతది పీకి కొత్తది బిగించి, కుక్క తల నిమిరి వెళ్ళిపోయారు. చాచా బాత్రూములు ముగించుకుని వచ్చి, తలుపు తెరిచి, కుక్కని చూసి అక్కడే ఆగిపోయాడు. కళ్ళతో జానిమాజ్ కోసం వెతికాడు, బీరువా మీద చూసి ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడు ఆ చల్లగాలి ఆయన మొహానికి తగిలింది. కాసేపు గడప మీదే నిలబడి కళ్ళు మూసుకున్నాడు. తర్వాత బట్టలు మోకాళ్ళ పైకి ఎత్తిపట్టుకుని, గోడవారగా నడిచి, అవతలి మంచం ఎక్కాడు. అది నాకకుండ జూడు అని నాకు చెప్పి, అయిదు నిమిషాల్లో గురక పెట్టాడు. కస్టర్డ్ కూడా గురక పెట్టింది. ఇద్దరి మధ్యా నేల మీద నేను కాపలా కూర్చున్నాను. ఎందుకో ఏడుపొచ్చింది, ఆ ఏడుపు మీద కూడా కోపం వచ్చింది.

నాకు తెలియని సంగతి ఒకటుంది. గెస్టు పేరు మీద కంప్లయింట్ పెడితే ఆ గెస్టు ఫోన్‌కి కూడా వెళ్తుందట. మీ కుక్క స్టాఫ్ క్యాబిన్‌లో వేడికి బాధపడుతోంది అని దోహాలో భోజనం మధ్యలో చదువుకున్న దొరసాని, కారు ఎగరేసుకుంటూ వచ్చేసింది. తలుపు తీసి రేకు గోడలు చూసింది, ఆరు మంచాలు చూసింది, తీగ మీద ఆరేసిన మా బనీన్లు చూసింది. ఇప్పుడు అడుగుతుంది, ఇక్కడ మనుషులెలా ఉంటున్నారు అని ఇప్పుడు అడుగుతుంది అని నేను లేచి నిలబడ్డాను. కస్టర్డ్‌ని ఇక్కడ ఉంచావా అని అడిగింది. చాచా మంచం మీదుగా ఆమె చూపు వెళ్ళింది, ఆగలేదు. కస్టర్డ్‌ని కావలించుకుని కారెక్కించుకుని, సామాను సర్దుకుని, ఆ సాయంత్రమే ఖాళీ చేసింది.

రేపు సార్ పిలిపించాడు. “ఏవయ్యా, గెస్టు కుక్క పేరు పెట్టి అబద్ధం రాస్తావా?” అన్నాడు, అప్పుడు కూడా మెత్తగానే.

“అబద్ధం గాదు సార్. కుక్క ఆడనే ఉండె, ఉడికిపోతుండె. పద్దెనిమిది రోజులు మా నంబర్లు రాసిన, ఎవ్వలు రాలే. దాని పేరు ఒక్కపారి రాస్తె పావుగంటల ఒచ్చిండ్రు. మాకు గూడ కుక్కల పేర్లు పెట్టుండ్రి సార్, గట్లనన్న ఒస్తరు.”

ఆయన పేపర్‌వెయిట్ తీసి నా ఫైలు ముందుకి లాక్కున్నాడు. నాకు వార్నింగ్ లెటర్ ఇస్తానన్నాడు, ఇచ్చాడు. ఆ ఏసీ పదకొండో కాటేజీదని, రేపు తీయించేస్తానని కూడా అన్నాడు. నేను క్యాబిన్‌కి వచ్చి గోడని ఒక గుద్దు గుద్ది (రేకు కదా, సౌదీ బోర్డర్ దాకా వినబడి ఉంటుంది) చాచాకి జరిగిందంతా చెప్పాను.

“రేపన్నడా?” అన్నాడు చాచా.

“అన్నడు.”

“అయితె ఫికర్ లేదు, పండుకో.”

చాచా అన్నట్టే జరిగింది. ఆ ఏసీ అక్కడే ఉండిపోయింది. చాచా ఆ ఏడాదీ పడిపోకుండా పూర్తి చేశాడు. నన్ను మాత్రం నెల తిరక్కుండా ఇండస్ట్రియల్ ఏరియాలో గోదాముకి మార్చారు.

వెళ్ళేముందు రిసెప్షన్ కుర్రాడు ఫోన్‌లో చూపించాడు. దొరసాని ఆ కాటేజీల గురించి ఒక్క స్టార్ ఇచ్చి రాసింది: ఏ ప్రాణీ ఉండదగని రేకు డబ్బాలో నా కస్టర్డ్‌ని మూడు గంటలు ఉంచారు. దాని కింద రేపు సార్ కంపెనీ తరఫున జవాబు రాశాడు. కలిగిన అసౌకర్యానికి ఎంతో చింతిస్తున్నాం మేడం, దయచేసి గమనించగలరు, ఆ గది కుక్కల కోసం కాదు, సిబ్బంది కోసం మాత్రమే. అది చదివి ఆ రోజు నేను చేసిన రభస ఇక్కడ రాయను. నన్ను గోదాము బస్సెక్కించడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చారు.

ఇప్పుడు దోహా పక్కన అల్ వుకైర్‌లో ఉంటున్నాను, భార్యాబిడ్డలున్నారు, మాత్రలున్నాయి. ఇరవై నాలుగేళ్ళ ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది, కుక్కని చూసి పారిపోయేవాడు కుక్కని వెంటబెట్టుకుని యుద్ధానికి వెళ్ళాడు కదా అని. కానీ అప్పుడప్పుడు ఫోన్‌లో ఆ పేజీ తెరుస్తాను. ఇంకా ఉంది. దొరసాని మాటల కింద ‘ఇది మీకు ఉపయోగపడిందా’ అని ఒక మీట ఉంటుంది. నలుగురు నొక్కారు. ఒకటి నాది. ఇంకోటి చాచాది. ఆయన ఇంటికి వెళ్ళిపోయే ముందు దోహాలో నజ్మా దగ్గర కలిసినప్పుడు బిర్యానీ తింటూ అదంతా ఆయనకి చదివి వినిపించాను, కడుపు పట్టుకుని నవ్వి, నొక్కు నొక్కు అని తన ఫోన్ నా చేతిలో పెట్టాడు. మిగతా ఇద్దరు ఎవరో నాకు తెలీదు. కుక్కలున్నవాళ్ళయితే మాత్రం కాదని నా నమ్మకం.