నాయకుడి ఉత్తరం, నా ఉద్యోగం

మా నాన్న అనకాపల్లి బెల్లం మార్కెట్లో కలాసీ. బండ్ల మీంచి దిమ్మలు దించడం, కాటా దగ్గర పేర్చడం, లారీలకెక్కించడం. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆయన పని అదే. ఆయన చొక్కాని అమ్మ వేరే బకెట్లో నానబెట్టేది. మర్చిపోతే తెల్లారేసరికి ఇంట్లో చీమలన్నీ దాని మీదే ఉండేవి. ఆ సంపాదనతోనే నన్ను బీఎస్సీ కెమిస్ట్రీ చదివించాడు.

పరవాడలో ఒక మందుల కంపెనీ ల్యాబుకి మనుషుల్ని తీసుకుంటోందని కాలేజీలో తెలిసింది. పరుగున ఇంటికొచ్చి చెప్పాను. నాన్న సంతోషించలేదు, దిగులుపడ్డాడు.

"ఊరికే ఎలిపోతే గేటుకాడే ఆపేత్తారమ్మా. ఎవరో ఒకరి మాట ఉండాల" అన్నాడు.

ఆ ఎవరో ఒకరు ఎవరో మా వార్డులో అందరికీ తెలుసు. పదవిలో ఉన్నా లేకపోయినా ఆయన్ని నాయకుడుగారనే అనేవాళ్ళం. ఆయన ఇంటి ముందు రేకుల షెడ్డు, దాని కింద ప్లాస్టిక్ కుర్చీలు. మేం వెళ్ళిన రోజున అక్కడ పింఛను ఆగిపోయిన ముసలమ్మ ఒకామె, ఆసుపత్రి కాగితాలు పట్టుకున్న మనిషి ఒకడు, ఇంకా చాలామంది ఉన్నారు. నాన్న నన్ను కుర్చీలో కూర్చోమని, తను స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. ఎండ నెత్తికెక్కాక నాయకుడు బయటికొచ్చాడు. నా మార్కుల జాబితా చూసి, "బాగా చదివిందిరా నీ కూతురు" అన్నాడు. తన పేరు అచ్చేసిన కాగితం మీద రెండు వాక్యాలు రాసి ముద్ర కొట్టి ఇచ్చాడు. నాన్న వంగి ఆయన కాళ్ళు పట్టుకున్నాడు. బెల్లం దిమ్మల కింద నాన్న వంగడం చిన్నప్పటినుంచీ చూస్తున్నదాన్నే. ఇది మాత్రం చూడలేక పక్కకి తిరిగాను.

కంపెనీ గేటు దగ్గర ఆ ఉత్తరాన్ని నా సర్టిఫికెట్లతో పాటు తీసుకుని నన్ను లోపలికి పంపారు. గంటసేపు రాతపరీక్ష. తర్వాత ఒక ఆఫీసరు ఎదురుగా నిలబడి బ్యూరెట్‌తో టైట్రేషన్ చేసి చూపించాలి, ఆ సన్నటి గాజుగొట్టంలోంచి ద్రావణాన్ని చుక్కలుగా వదిలి రంగు మారేచోట ఆపాలి. ఒక్క చుక్క ఎక్కువ పడితే రంగు ముదిరిపోయి లెక్క తప్పుతుంది. ఊపిరి బిగపట్టి చుక్క తర్వాత చుక్క వదిలాను. ఫ్లాస్కులో లేత గులాబీ రంగు తేలి అలాగే నిలిచింది. పదిహేను రోజుల తర్వాత ఆర్డరు వచ్చింది. నాన్న మిఠాయి కొని ఇంటికి కాదు, ముందు నాయకుడి ఇంటికే పట్టుకెళ్ళాడు.

ఆ రోజునుంచి నాన్న ఆయన మనిషి అయిపోయాడు. జీతం లేదు, అడిగేవాడూ కాదు. మీటింగు ఉందంటే మార్కెట్లో పూట కూలి వదులుకుని వెళ్ళేవాడు. కుర్చీలు వేసేవాడు, జెండాలు కట్టేవాడు. జనం తక్కువైతే మా సందులోంచి పదిమందిని తీసుకెళ్ళేవాడు. అమ్మ ఏమైనా అంటే, "మన గుంటకి ఉజ్జోగమిప్పించి బతుకిచ్చినోడే. ఈపాటి సెయ్యకపోతే ఎలగ?" అనేవాడు.

కార్పొరేషన్ ఎన్నికలప్పుడు మా సందుకి పంచాల్సిన డబ్బు కవర్లు మా ఇంటికే వచ్చాయి. ఓటర్ల జాబితాలో చిన్న అక్షరాలు నాన్నకి కనబడవు. నేను పక్కన కూర్చుని చదివాను. ఎవరు చనిపోయారు, ఎవరు పెళ్ళై వెళ్ళిపోయారు, ఎవరింట్లో ఎన్ని ఓట్లు. పెన్నుతో టిక్కులు పెట్టింది నేనే. అప్పుడు నాకు తప్పనిపించలేదని రాస్తే అబద్ధమవుతుంది. అనిపించింది. నా ఉద్యోగానికి ఇది ఖరీదు అనుకుని ఊరుకున్నాను.

అసెంబ్లీ ఎన్నికలు వచ్చాయి. నాయకుడి అనుచరుడొకడు, నాన్నని మామా అని పిలిచేవాడు, ఒక సాయంత్రం ఇంటికొచ్చాడు. నేను అప్పుడే కంపెనీ బస్సు దిగి వచ్చాను.

"మామా, ఈసారి పాపని పంపించు. నువ్విత్తే ఆడోళ్ళు కవరు తీసుకుంటన్నారు గానీ, మనకే ఏత్తారో లేదో సెప్పట్లేదు. పాపంటే ఆళ్ళకి నమ్మకం. ఇంటింటికీ ఎల్లి దేవుడి పటం మీద ఒట్టేయించుకుని కవరివ్వాల. ఆ సివరింటోళ్ళకి బైబిలు మీద."

ఆలోచించుకుని చెబుతానన్నాను.

"ఆలోచించడానికేటుందమ్మా? ఉజ్జోగం ఊరికే వచ్చిందేటి?" అని నవ్వి వెళ్ళిపోయాడు.

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. కాదంటే ఉద్యోగం పోతుందా? ఎవరినడగాలి? రెండు రోజులు తటపటాయించి, మూడోరోజు భోజనాల వేళ మా కంపెనీలో ఉద్యోగుల ఫైళ్ళు చూసే ఆఫీసరమ్మ దగ్గరికి వెళ్ళాను. నడివయసు మనిషి, ఎక్కువ మాట్లాడదు. దాచకుండా అంతా చెప్పి, "ఆయనకి కోపం వస్తే నన్ను తీసేస్తారా మేడమ్?" అని అడిగాను.

ఆమె నాయకుడి పేరు రెండుసార్లు అడిగింది. "ఎవరాయన?" అంది. నా ఫైలు తెప్పించి ముందు పెట్టుకుంది.

"ఇలాంటి ఉత్తరాలు సంచులకొద్దీ వస్తాయమ్మా. గేటు దగ్గరే తీసి పక్కన పడేస్తారు. ఇదిగో, నీ ఫైల్లో ఉత్తరం ఉందేమో నువ్వే చూసుకో."

లేదు. రాతపరీక్ష కాగితం ఉంది. ఆ రోజు రాసినవాళ్ళలో నాది రెండో స్థానం. టైట్రేషన్ చూసిన ఆఫీసరు కింద ఒక మాట రాశాడు: 'చెయ్యి నిలకడగా ఉంది.'

సంతోషించాలి కదా? బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇంటికి వస్తుంటే నాకు ఏడుపొచ్చింది. నాన్న వదులుకున్న పూటకూలీలు గుర్తొచ్చాయి. మండుటెండలో ఎవరి ఫోటోకో పూలదండ వేయడానికి నిచ్చెన ఎక్కిన నాన్న గుర్తొచ్చాడు. లంకెలపాలెం జంక్షన్ దాటేసరికి ఏడుపు పోయి కోపం మిగిలింది.

నాన్న అన్నం తింటుండగా చెప్పాను. ముద్ద చేతిలోనే ఆగింది.

"అయితే ఆ ఉత్తరం ఎవలూ సదవనేదా?"

"లేదు నాన్నా."

"ఆ ఆఫీసరమ్మకి తెలీదేమో. ఈయన పైనోళ్ళకి ఫోన్ సేసుంటాడు."

"ఆయన పేరే ఆవిడకి తెలీదు. నా పరీక్ష కాగితం చూపించింది. రెండో స్థానం నాది."

నాన్న చెయ్యి కడుక్కుని గుమ్మంలో కూర్చున్నాడు. నన్ను చూడకుండానే, "మరి ఆ రోజు ఆడి కాళ్ళెందుకు పట్టుకున్నానమ్మా?" అన్నాడు. అమ్మ వచ్చి కంచం తీసింది.

ఆదివారం మధ్యాహ్నం అనుచరుడు కవర్ల సంచీ, ఓటర్ల జాబితా తెచ్చి నేను వద్దంటున్నా బల్ల మీద పెట్టేసి వెళ్ళాడు. నాన్న కాసేపు సంచీ వంక చూశాడు.

"నేనట్టుకెళ్ళి ఇచ్చేత్తాను. నువ్వు రావొద్దు" అన్నాడు.

"నా పేరు మీద మొదలైంది నాన్నా. నేను రాకపోతే ఎలా?"

ఇద్దరం బయల్దేరాం. సంచీ నాన్న భుజాన ఉంది. దారిలో పలకరించినవాళ్ళకి ఇద్దరం సరిగా జవాబు చెప్పలేదు. రేకుల షెడ్డు కింద ఎన్నికల హడావిడి. నాయకుడు మమ్మల్ని చూసి దగ్గరికి పిలిచాడు. నాన్న సంచీ కింద పెట్టాడు. నేనే అన్నాను.

"ఈ పని మేం చెయ్యలేమండి. తిరిగి ఇచ్చెయ్యడానికొచ్చాం."

ఆయన అరవలేదు. "ఎవరైనా బెదిరించారా? లేకపోతే అవతలివాళ్ళు ఎక్కువిస్తామన్నారా?" అని అడిగాడు. ఆయనకి ఆ రెండు కారణాలే తోచాయి.

ఫైలు సంగతి చెప్పాను. నాయకుడు చిన్నగా నవ్వాడు.

"మార్కులు నీవేనమ్మా, నేను కాదన్నానా? కానీ ఆ గేటు దాకా మీ నాన్న నిన్ను ఎవరిని చూసుకుని పంపాడు? ఆ ధైర్యం ఎవరిది?"

అందులో కొంత నిజముంది. ఆ కాగితం లేకపోతే నాన్న నన్ను పంపేవాడే కాదేమో.

అప్పుడు నాన్న నోరు విప్పాడు. "ధైర్యం మీదే బాబూ. దానికి ఇన్నేళ్ళూ మిమ్మల్ని మోసేను. ఇంక దించేత్తన్నాను."

నాయకుడి మొహంలో నవ్వు పోయింది. "సరే. సంచీ అక్కడ పెట్టి వెళ్ళండి. రేపు ఏదైనా అవసరం పడితే మాత్రం ఇటు రాకండి" అన్నాడు. వెనక్కి నడుస్తున్నప్పుడు భయమేస్తోందని నాన్నే చెప్పాడు.

కవర్లు ఆగలేదు. మర్నాడే ఇంకొకడు పంచేశాడు. మా ఇల్లు వదిలేశాడు, దాంతో పాటు మా పక్కవి నాలుగిళ్ళు కూడా. ఆ నాలుగిళ్ళలో ఒకటి మేం పిన్నీ అని పిలిచే ఆవిడది. మా వీధరుగు ముందు నిలబడి నన్ను కడిగిపారేసింది.

"నీకు నెల తిరిగేసరికి జీతమొత్తాది, నీతులు సెప్తావు. మాకేటుంది? ఆళ్ళు అయిదేళ్ళకోపాలి మా గుమ్మంలోకొచ్చి ఇచ్చేది అదొక్కటే. దానికీ అడ్డమడ్డావు!"

ఆమె అన్నదాంట్లో తప్పేమీ కనబడలేదు. వద్దనడం నాకు తేలిక. ఆమెకి వద్దని చెప్పేముందు నా చేతిలో ఇంకేదో ఉండాలి. "పిన్నీ, మీ అమ్మాయి డిగ్రీ ఆఖరు సంవత్సరం కదా? వచ్చే ఆదివారంనుంచి పంపించు. కంపెనీ పరీక్షకి నేను తయారుచేస్తాను" అన్నాను. ఆమె మూతి తిప్పుకుని వెళ్ళిపోయింది.

ఓట్లనాడు నాన్న, అమ్మ, నేను పొద్దున్నే వరుసలో నిలబడ్డాం. అమ్మ తిరిగొస్తూ, "ఎవరికేసేవేటి?" అని నాన్నని అడిగింది. "అది సెప్పకూడదే" అన్నాడు నాన్న. అంతకుముందు ఎన్నికల్లో వీధిలో నిలబడి అందరికీ చెప్పినవాడు ఆయనే.

నాయకుడు 'అవసరం' అన్న మాట తొందరలోనే ఎదురైంది. మా నాయనమ్మ పింఛను ఆగింది. వేలిముద్ర పడటం లేదన్నారు, కాగితాలు మళ్ళీ కావాలన్నారు. ఎవరైనా కావాలని చేశారో, నిజంగానే ముసలి వేళ్ళు అరిగిపోయాయో నాకు తెలీదు. నాన్న ఆ రేకుల షెడ్డు వైపు ఒకసారి చూశాడు. "వద్దు నాన్నా, నేను చూస్తాను" అన్నాను. సోమవారాల్లో కలెక్టరేటులో అర్జీలు తీసుకుంటారు. షిఫ్టు రాత్రికి మార్పించుకుని, పగలు వెళ్ళి టోకెన్ తీసుకుని కూర్చున్నాను. మొదటి సోమవారం కాగితం ఒకటి తక్కువైంది. రెండోసారి సంబంధించిన ఉద్యోగి సెలవులో ఉన్నాడు. మూడోసారి బల్ల అవతలి ఆయన అర్జీ చదివి, "మిమ్మల్ని ఎవరు పంపారు?" అన్నాడు.

"ఎవరూ పంపలేదండి. నేనే వచ్చాను."

ఆయన తలెత్తి చూసి సంతకం పెట్టాడు. ఆ మరుసటి నెలనుంచి నాయనమ్మ పింఛను మళ్ళీ వచ్చింది. ఆ మూడు సోమవారాలకీ నాకు మూడు షిఫ్టుల నిద్ర పోయింది, అంతే.

పిన్ని కూతురు నేను పిలిచిన మొదటి ఆదివారం రాలేదు, రెండో ఆదివారం వచ్చింది. మా కాలేజీ మేడమ్‌ని అడిగి పక్కన పడేసిన బ్యూరెట్ ఒకటి తెచ్చాను. సున్నం తేట, పసుపు నీళ్ళు, నిమ్మరసంతో మా పెరట్లోనే రంగు మారడం చూపించేదాన్ని. ఎర్రబడిన పసుపు నీళ్ళలో నిమ్మరసం చుక్కచుక్కగా పడుతుంటే, ఏ చుక్కకి మళ్ళీ పచ్చబడుతుందో కన్నార్పకుండా చూసేది ఆ పిల్ల. పరవాడలో పరీక్ష రాసి తప్పింది. పిన్ని మళ్ళీ వచ్చి, "సిఫారసు లేకపోతే ఇలగే అవుతాదని ముందే అన్నాను" అంది. నాకు చెప్పకుండా వెళ్ళి నాయకుడి దగ్గర ఉత్తరం రాయించుకుంది కూడా. పిల్ల మాత్రం ఆదివారాలు మానలేదు.

రెండోసారీ ఆ పిల్లకి ఉద్యోగం రాలేదు. మూడోసారి అచ్యుతాపురంలో వేరే కంపెనీలో వచ్చింది. ఆ రోజు తల్లి ఇచ్చిన ఉత్తరాన్ని పుస్తకంలో పెట్టుకుని వెళ్ళిందట. గేటు దగ్గర తియ్యలేదని తర్వాత నాతో చెప్పింది. పిన్నికి చెప్పలేదు. పిన్ని మిఠాయి ఆ రేకుల షెడ్డుకే పంపింది. అదీ పరవాలేదనుకున్నాను. ఒక్క మనిషి మీద నమ్మకం పోవడానికి మా నాన్నకే నాలుగేళ్ళు పట్టింది.

నాన్న ఇప్పుడు మార్కెట్లో పూటలు పోగొట్టుకోవడం లేదు. మీటింగులకి పిలవరు, ఈయనా వెళ్ళడు. మా సందులో ఇంకా కవర్లు వస్తాయి, ఇంకా తీసుకుంటారు. ఎవరినీ తిట్టను. ఆదివారాలు మాత్రం ఎవరికోసమూ వదులుకోను. ఇప్పుడు ఆరుగురు పిల్లలు వస్తున్నారు, ఒకమ్మాయి కె. కోటపాడు నుంచి బస్సెక్కి వస్తుంది. ఆ అమ్మాయికి ద్రావణం గాఢత కట్టే మోలారిటీ లెక్కలు ఎంతకీ తలకెక్కడం లేదు. ఈ వారం మళ్ళీ మొదటినుంచి చెప్పాలి.