శాలువా తడి పీల్చదు

మొన్న ఆదివారం సేవా సంఘం వాళ్ళు వచ్చి నా భుజాల మీద కప్పి వెళ్ళిన శాలువా ఇంకా సోఫా చేతి మీదే పడి ఉంది. కొత్త ప్లాస్టిక్ సంచీ, కలరా ఉండలు, గంజి కలిసిన బిష్టుపూర్ బజారు కొట్టు వాసన దానిది, గదంతా పట్టేసింది. పక్క గదిలో మంచం మీదున్న అమ్మ దాకా కూడా వెళ్ళినట్టుంది, ఎందుకంటే ఈమధ్య నా పేరే మరిచిపోతున్న మనిషి మధ్యాహ్నం తల కాస్త ఎత్తి, ముక్కు ఎగబీల్చి, "మళ్ళీ సన్మానం సేసీసినారేటే?" అని అడిగింది. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఎందుకు మండిందో చెప్పాలంటే నా చిన్నప్పటి టాటానగర్ రైల్వే క్వార్టర్ల దాకా వెళ్ళి రావాలి.

నాన్న వ్యాగన్ల షెడ్డులో ఫిట్టరు. మాది రెండు గదుల క్వార్టరు, వెనక పెరడు, పెరట్లో మాకూ పక్కింటికీ కలిపి ఒకే కొళాయి. నేను బడిలో చేరిన కొత్తల్లో నాయనమ్మకి పక్షవాతం వచ్చి కుడి కాలు, కుడి చెయ్యి, సగం నాలుక పడిపోయాయి. అప్పట్నుంచి మా ఇంట్లోకి ఋతువులు నాయనమ్మ పక్కగుడ్డల మీదుగా వచ్చేవి. ఎండాకాలం వడగాలికి తాడు మీద వేసిన గుడ్డ వేసినట్టే ఆరిపోయేది కాబట్టి అమ్మ ముఖం తేటగా ఉండేది. వానలు పడితే వంటింట్లో దండెం కట్టి, కింద బొగ్గుల కుంపటి పెట్టి, ఒక్కో గుడ్డనీ తిప్పి తిప్పి కాచేది, ఆ పొగా, ఫినాయిలూ, తడి నూలూ కలిసిన వాసన మా అన్నంలోకి, నా బడి సంచీలోకి, అమ్మ జుట్టులోకి ఎక్కి కూర్చునేది. దుర్గా పూజ పందిట్లో దొన్నెల్లో పోసే వేడి కిచిడీ మేం ఆ వాసన మధ్యే తిన్నాం. ఛఠ్ పండక్కి బిహారీ వాళ్ళు పంపే గట్టి గోధుమపిండి ఠేకువాలు పాలలో నానబెట్టి, మెత్తగా మెదిపి, నాయనమ్మ నోటికి ఎడమ పక్క నుంచి అందించడం నా పని. చలికాలం నాన్న సాక్చి బజారు నుంచి తెచ్చే నువ్వుల తిలకుట్ ఆవిడ నమలలేదు, అయినా చేతిలో పెడితే వాసన చూసి నాకే తిరిగి ఇచ్చేది. వీధిలో పిల్లలు సుద్దముక్కతో గళ్ళు గీసి కిత్‌కిత్ ఆడుతుంటే నేను ఒక కాలు గడిలో, ఒక చెవి ఇంట్లో పెట్టి ఆడేదాన్ని, ఎందుకంటే నాయనమ్మని పక్కకి తిప్పేటప్పుడు రెండో వైపు పట్టుకోవడానికి అమ్మకి నేను కావాలి.

నాన్నకి తల్లంటే ప్రాణం అనేవారు అందరూ. ఆ ప్రాణం గుమ్మం దాటి లోపలికి వచ్చేది కాదు. పొద్దున్న షిఫ్టుకి వెళ్ళేముందు ఆవిడ కాళ్ళకి దండం పెట్టుకునేవాడు, సాయంత్రం వచ్చి "అమ్మ తిందా?" అని అడిగేవాడు, ఇంక మిగతాదంతా ఆడవాళ్ళ పని. ఆ మిగతాదంతా అనే మాటలో అమ్మ వయసు సగం కరిగిపోయింది.

ఇక పరామర్శలు. మన తెలుగువాళ్ళ సేవా సంఘం అని అప్పటికే ఒకటుండేది, దానికి రాజ్యలక్ష్మి గారని ఒక అధ్యక్షురాలు, ఆవిడ వెనక ఎప్పుడూ ఓ పది మంది. నెలకో ఆదివారం యాపిల్ పళ్ళతో, ఒక పాలపొడి డబ్బాతో మా ఇంటి మీదికి దండెత్తేవారు. వాళ్ళొస్తున్నారని కబురందగానే అమ్మ నాయనమ్మ పక్క మార్చి, తల దువ్వి, గది కడిగి, అగరొత్తులు వెలిగించి, ఎదురింటి నుంచి కుర్చీలు తెచ్చి, వాళ్ళు వచ్చాక పది మందికీ టీలు పెట్టి, పకోడీలు వేయించి, వెళ్ళాక ఆ గ్లాసులన్నీ తోమేది. వాళ్ళు మాత్రం నాయనమ్మ మంచం చుట్టూ నిలబడి, ఆవిడ చెవిటిదన్నట్టు గట్టిగా "బాగున్నారా మామ్మగారూ?" అని అరిచి, అమ్మ వైపు తిరిగి "నువ్వు మనిషివి కాదమ్మా, దేవతవి" అనేవారు. దేవత అనెయ్యడంలో ఉన్న సుఖం ఏమిటంటే, దేవతకి నడుం నొప్పి రాదు, నిద్ర అక్కర్లేదు, పుట్టింటి మీద బెంగ ఉండదు. హారతిచ్చేస్తే చాలు.

ఇది చాలదని, ఒక ఉగాదికి అమ్మని సన్మానిస్తామన్నారు. ఆ రోజుల్లోనే అమ్మకి ఊరి నుంచి కబురొచ్చింది, తాతకి బాగోలేదు, అన్నం మానేశాడు, కూతుర్ని చూడాలంటున్నాడు అని. తాత, అంటే అమ్మ కన్నతండ్రి, పలాస దగ్గర పల్లెలో ఉండేవాడు. బండెక్కితే రేపీపాటికి అక్కడుంటాం, రైల్వే వాళ్ళం కాబట్టి పాస్ ఉండనే ఉంది. లేనిదల్లా నాయనమ్మ దగ్గర ఓ నాలుగు రోజులు ఉండే మనిషి. నాన్న "సూద్దాం, సూద్దాం" అన్నాడు. ఆ చూద్దాం ఎన్నాళ్ళకీ తెమలలేదు. అమ్మ పెట్టె సర్ది మంచం కిందికి తోసి, రోజూ దాన్ని చూసుకుంటూ పక్కగుడ్డలు ఉతికేది.

ఉగాది సాయంత్రం బిష్టుపూర్ హాల్లో వేపపువ్వు పచ్చడి, పిల్లల పాటలు, ఉపన్యాసాలు అయ్యాక అమ్మని వేదిక మీదికి పిలిచారు. నేను ముందు వరుసలో కూర్చున్నాను. రాజ్యలక్ష్మి గారు శాలువా కప్పి, మైకు అమ్మ చేతికిచ్చి, రెండు ముక్కలు చెప్పమన్నారు. జీవితంలో ఎప్పుడూ మైకు పట్టుకోని మా అమ్మ, చెంగు సర్దుకుని, హాలంతా వినపడేలా అంది:

"నాకు శాలువా వద్దమ్మా. మా అయ్యకి బాగోనేదు, సూడ్డానికి ఎల్లాల. మా అత్త కాడ నాలుగు రోజులు ఉండడానికి ఎవులైనా ఒక మనిసి వత్తారేటి?"

ముందెవరో మొదలెట్టారు, అందరూ అందుకున్నారు. చప్పట్లు! ముందు వరుసల వాళ్ళు లేచి నిలబడి మరీ కొట్టారు. రాజ్యలక్ష్మి గారు కళ్ళు తుడుచుకుంటూ మైకు లాక్కుని, "చూశారా ఎంత నిరాడంబరత! శాలువా కూడా వద్దంటోంది!" అన్నారు. సాయం అడిగిన మనిషికి చప్పట్లు కొట్టి పంపిన జనాన్ని నేను అక్కడే చూశాను. అంత కసి నాకు మళ్ళీ ఎవరి మీదా కలగలేదు. ఇంటికొచ్చేసరికి నాన్న వీధరుగు మీద రేడియో వింటున్నాడు, లోపల నాయనమ్మ తడిలో పడి ఉంది. అమ్మ శాలువా తియ్యడం కూడా మరిచిపోయి, అలాగే ఆవిడ పక్క మార్చింది. సన్మానం హడావిడిలో గుడ్డలు ఉతకడం కుదరక ఇంట్లో పొడిది ఇంకేదీ లేదు కనక చివరికి ఆ శాలువానే నాలుగు మడతలు వేసి కింద పరిచింది. అది చుక్క తడి పీల్చలేదు, జరీ గరుకుకి నాయనమ్మ నడుం కమిలింది. పాత నూలు చీర పది శాలువాల పెట్టని అమ్మ ఆ తర్వాత చాలాసార్లు అనేది.

మర్నాడు సంఘం వాళ్ళు రానే వచ్చారు. ఉండడానికి కాదు, తాతకి ఎలా ఉందో అడగడానికి. పది మందీ, యాపిల్ పళ్ళూ. అమ్మ టీ పెట్టింది.

వాళ్ళు వీధి మలుపు తిరిగారో లేదో, పెరటి గుమ్మంలోంచి సింహాచలం లోపలికొచ్చింది. ఈవిడ గురించి చెప్పాలి. కొళాయికి అవతలి క్వార్టరు వాళ్ళది, మొగుడు గేటు కాపలా, మనిషి పొడుగ్గా, తాంబూలంతో ఎర్రబడ్డ నోటితో, ఆ నోటికి అదుపన్నది లేకుండా ఉండేది. ఎవరి బిందె ముందు పెట్టాలనే దాని మీద ఆవిడకీ నాయనమ్మకీ ఏళ్ళ తరబడి యుద్ధం. నాయనమ్మ కాలూ చెయ్యీ బాగున్నన్నాళ్ళూ ఆ యుద్ధం ఇద్దరికీ పొద్దుటి కాఫీ లాంటిది. నాయనమ్మ పడిపోయాక ఊరంతా పరామర్శకి వచ్చింది గాని సింహాచలం గడప తొక్కలేదు, రాతి గుండె అని సంఘం వాళ్ళు ఆవిడ గురించి చెప్పుకునేవారు. ఆ మనిషి, మా మాటలన్నీ పెరటి గోడవతల నుంచి విని, తాంబూలం డబ్బా చంకలో పెట్టుకుని వచ్చి, నాయనమ్మ మంచం పక్కన పీట లాక్కుని కూర్చుంది.

"ఒలే పార్వతీ, బండెప్పుడే?" అంది అమ్మతో.

అమ్మ అయోమయంగా చూసింది.

"ఇన్నాళ్ళూ మీ అత్త నన్ను తిట్టింది. ఇప్పుడు నాను తిడతాను, అది ఇంటాది. నువ్వు ఎల్లు."

"అది కాదప్పా, పక్క మార్సాల, ముద్ద కలిపెట్టాల..."

"నాకు తెల్దేటి? మా అత్తకి నాను సెయ్యనేదా? సంపెయ్యన్లే మీ అత్తని. ఇది సస్తే మరి తగువాడ్డానికి నాకెవులున్నారు?"

అమ్మ ఇంక ఆగలేదు. పెట్టె మంచం కింద నుంచి లాగి, నా తల నిమిరి, సాయంత్రం బండికి వెళ్ళిపోయింది.

ఆ నాలుగు రోజులూ మా ఇంట్లో జరిగిన గోల రైలు కూతని మించిపోయింది. సింహాచలం నాయనమ్మని తిప్పేటప్పుడు తిట్టేది, ఒళ్ళు తుడిచేటప్పుడు తిట్టేది, ముద్ద పెడుతూ "తిను, తిని బలం తెచ్చుకోని నన్ను తిట్టు" అనేది. సగం నాలుకతో నాయనమ్మ ఏదో గొణిగేది, మాకు అర్థమయ్యేది కాదు. రెండో రోజు మధ్యాహ్నం సింహాచలం పాత బిందె గొడవ ఎత్తి, "ఆవేళ తప్పు నీదే" అనగానే నాయనమ్మ ఎడమ చెయ్యి మంచం కోడు మీద కొట్టి, స్పష్టంగా, ముక్క విరగకుండా "దొంగమొకందానా!" అంది. ఎన్నాళ్ళుగానో మా చెవిన పడని గొంతు అది. గుమ్మంలో నిలబడ్డ నాన్న కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "ఏడుత్తావేటి, ఇటొచ్చి కాళ్ళు పట్టు, తిప్పాల" అని సింహాచలం ఆయన్ని కసిరింది. నాన్న వాళ్ళమ్మ పక్క మార్చడం నేను చూడ్డం అదే మొదలు.

అమ్మ తిరిగొచ్చింది. తాత ఆమె చేతి గంజి తాగాడట, పేరు పెట్టి పిలిచాడట. ఆ తర్వాత కొన్నాళ్ళకే పోయాడు, కాని చూడలేదన్న దిగులు అమ్మకి లేదు. ఊరి నుంచి తెచ్చిన సున్నుండల మూట అమ్మ సింహాచలం చేతిలో పెట్టబోతే ఆవిడ విదిలించుకుంది. "ఇదేటి సన్మానమా? కొళాయి కాడ నా బిందె ముందెట్టు, సాలు." డబ్బా చంకలో పెట్టుకుని పెరటి దారిన వెళ్ళిపోయింది. ఆ తర్వాత మధ్యాహ్నాలు తగువాడే మిషతో వచ్చి ఓ గంట కూర్చునేది, అమ్మ ఆ గంటా వంటింట్లో చాప వేసుకుని పడుకునేది. అమ్మ పగలు నిద్రపోవడం నాకు అంతకుముందు తెలీదు. నాయనమ్మ పోయాక సింహాచలం కొళాయి దగ్గర ఎవరితోనూ పోట్లాడలేదు, ఎవరి బిందె ముందున్నా ఊరుకునేది.

ఇప్పుడా క్వార్టర్లు పడగొట్టేశారు, కొళాయీ లేదు, సింహాచలమూ లేదు. నేను ఇదే ఊళ్ళో కద్మాలో ఫ్లాటులో ఉంటాను, ఇంట్లో నేనూ అమ్మా ఇద్దరమే, ఇప్పుడు మంచం మీద అమ్మ, గుడ్డలు ఉతికేది నేను. నా కంట్లో శుక్లం ముదిరింది, తీయించుకోవాలి, డాక్టరు తొందర పెడుతున్నాడు, అమ్మ మాత్రల అట్ట మీది అక్షరాలు అలుక్కుపోతున్నాయి. మొన్న సంఘం వాళ్ళు వచ్చినప్పుడు చెప్పాను. కొత్త తరం వాళ్ళు, ఒకే రంగు చొక్కాలు, ఫోటోకి ఒక పక్కకి నిలబడమన్నారు. శాలువా సరే, నా కన్ను కోయించుకునే రోజు ఎవరైనా ఒక్కరు, పది మంది కాదు, ఒక్కరు, టీ అడక్కుండా, అమ్మ దగ్గర కూర్చోగలరా అన్నాను. "ఆప్ తో దేవీ హై ఆంటీ" అన్నాడు ఒకడు, మళ్ళీ అదే దేవత. ఈ సంగతి తమ ఫోను గ్రూపులో పెడతామన్నారు. పెట్టారు కూడా. దాని కింద ఆ సాయంత్రమంతా వరసగా దండం పెట్టే చేతుల బొమ్మలు, గులాబీల బొమ్మలు పడుతూనే ఉన్నాయి. చప్పట్లే, చప్పుడు లేదంతే. పొగడ్తకి పక్క మార్చడం రాదని ఈ పట్నంలో ఇంకా ఎవరికీ తెలిసిరాలేదు.

నిజానికి నన్ను ఎక్కువ మండించేది వాళ్ళు కూడా కాదు. ఈ ఫ్లాట్లలో అందరూ మర్యాదస్తులు, లిఫ్టులో నమస్తే అంటారు, తలుపులు వేసుకుంటారు. తగువాడేంత చనువున్న మనిషి నాకు ఒక్కరూ లేరు.

నిన్న పై అంతస్తు ఆవిడ ఆరేసిన దుప్పట్ల నీళ్ళు మా బాల్కనీలో, అప్పుడే ఆరిన అమ్మ గుడ్డల మీద పడ్డాయి. ఇన్నాళ్ళూ నోరు మూసుకుని గుడ్డలు జరుపుకునేదాన్ని. నిన్న మాత్రం తల బయటికి పెట్టి గట్టిగా అరిచాను. ఆవిడా వంగి చూసి అంతకంటే గట్టిగా అరిచింది. ఇద్దరం హిందీలో మొదలెట్టాం, కాసేపటికి ఆవిడ బెంగాలీలోకి, నేను తెలుగులోకి దిగిపోయాం. ఎవరి గుడ్డలు ఇవి, రోజూ ఇన్నెందుకు ఉతుకుతావు అని ఆవిడ అరుస్తూనే అడిగింది, మా అమ్మవి అని నేనూ అరుస్తూనే చెప్పాను.

లోపలికి వచ్చేసరికి అమ్మ కళ్ళు మెరుస్తున్నాయి.

"ఎవుల్తోనే తగువు?"

"పై ఇంటావిడతో."

"గొంతు మంచిదేనేటి?"

"మంచిదే అమ్మా" అన్నాను. ఇవాళ కూడా ఆవిడ దుప్పట్లు ఆరేసే వేళకి నేను బాల్కనీలో ఉంటాను.