ఓడినవాడు టీ పెట్టాలి

మా బాబాయ్ పోయారు. శుక్రవారం పొద్దున ఆయన పెద్దమ్మాయి వాయిస్ మెసేజ్ పెట్టింది. "నాన్నగారు నిన్న సాయంత్రం కుర్చీలో కూర్చునే వెళ్లిపోయారండి. ఏమీ బాధపడలేదండి. ఫోన్లో ఏదో జపాను పాట పెట్టుకుని వింటున్నారు. ఖైతాన్ గదిలో వాళ్లకి చెప్పమని అమ్మ అందండి."

మా గదిలో ఉండే ప్లంబర్ మామ పళ్లు తోముకుంటూ విన్నాడు. బ్రష్ తీసి, "ఏ పాటంట?" అని అడిగాడు. చావు కబురు విని ఎవరూ అడగని ప్రశ్న అది. నాకూ అదే అడగాలనిపించింది.

బాబాయ్ నాకు చుట్టం కాదు. నాది రాయచోటి వైపు, ప్లంబర్ మామది కడప, ఆయనది కోనసీమ. ఈ అరబ్బు దేశానికి పనికొచ్చి ఖైతాన్‌లో ఒకే గదిలో ఉన్నాం, అంతే. మా వైపు చిన్నాయన అంటాం. ఆయన మొదటిరోజే చెప్పేశారు: "చిన్నాయన అంటే ఎవర్నో అనుకుంటాను. బాబాయ్ అని పిలు, వంటింట్లో ఉన్నా పలుకుతాను."

అహ్మదిలో జపాను ఇంజినీర్లు ఉండే గెస్ట్‌హౌస్‌లో ఆయన చాలా ఏళ్లు వంట చేశారు. అక్కడ ఒక కరోకే మిషన్ ఉండేది. పాట సంగీతం అది వాయిస్తుంది, తెర మీద మాటలు కనబడతాయి, మనం మైకు పట్టుకుని పాడాలి. సెలవు సాయంత్రాలు ఆ ఇంజినీర్లు లబన్ మజ్జిగ గ్లాసులు పెట్టుకుని దాంతో ఒక ఆట ఆడేవారట. మన అంత్యాక్షరి లాంటిదే. ఒకరు పాడిన పాట పేరు ఏ అక్షరంతో ఆగితే, తర్వాతివాళ్లు ఆ అక్షరంతో మొదలయ్యే పాట పాడాలి. పాడిన పాట ఆ రోజు మళ్లీ పాడకూడదు. ఇంకొక షరతు కూడా ఉంది. జపాను భాషలో పొల్లు 'న్'తో మొదలయ్యే మాట లేదు. అందుకని 'న్'తో ఆగే పేరున్న పాట ఎంచుకున్నవాడు ఓడిపోయినట్టే.

ఆ ఇంజినీర్లు దేశం వెళ్లిపోతూ మిషన్‌నీ, ఇటుకంత మందం పాటల పుస్తకాన్నీ బాబాయ్‌కి ఇచ్చేశారు. ఆయన వాటిని కంపెనీ బస్సులో ఒళ్లో పెట్టుకుని ఖైతాన్ తెచ్చారు. పుస్తకంలో ప్రతి పేరు పక్కనా పెన్సిల్‌తో తెలుగులో రాసి ఉంది. కూరగాయలు కోస్తూ, ఒక్కొక్క దొరనూ అడిగి రాసుకున్నవట.

అలా మా గదిలో శుక్రవారం భోజనాల తర్వాత జపాను పాటలు మొదలయ్యాయి. బాబాయ్ తెలుగు అక్షరాల్లో రాసిస్తే మేం బట్టీ పట్టేవాళ్లం. అర్థం అడిగితే ఒక్క ముక్కలో చెప్పేవారు: "ఇది వాన. ఇది స్టేషన్లో ఏడుపు. ఇది ఓడ వెళ్లిపోయింది." మా గదికి పెట్టిన నియమం ఒకటే. ఓడినవాడు అందరికీ టీ పెట్టాలి.

ప్లంబర్ మామకు సిగ్గూ లేదు, శ్రుతీ లేదు. 'న్'తో ఆగే పాట పాడేసి దానికి ఉకారం తగిలించేవాడు.

"నాది 'న్' కాదప్పా, 'ను'! మనోళ్లు పెన్ను అంటారా, పెన్ అంటారా?"

"ఆయ్! పాట జపానోళ్లది, పెన్ను నీది. వెళ్లి పాలు పెట్టు," అనేవారు బాబాయ్.

గోలకి బిల్డింగ్ కాపలా చూసే ఈజిప్టు ఆయన ఒకసారి పైకొచ్చి "ఖలాస్, ఖలాస్!" అని తలుపు బాదాడు. బాబాయ్ పాట పూర్తిచేసి, మైకు రెండు చేతుల్తో పట్టుకుని, దొరల దగ్గర నేర్చుకున్నట్టు నడుం వంచి ఆయనకు దణ్ణం పెట్టారు. ఆయన ఏం చేయాలో తెలియక తనూ వంగాడు. తర్వాత నుంచి టీ వేళకు వచ్చేవాడు.

నా సంగతికి వస్తాను. నేను యార్డులో స్టోరు చూస్తాను. రోజంతా సామాను పేర్లు, నంబర్లు తప్ప ఇంకొక మాట నా నోట రాదు. చదువు ఐదు వరకే. మిగతాది నేనే నేర్చుకున్నాను. ఏరోజు ఏం జరిగిందో నోట్‌బుక్కులో రాసుకోవడం అలవాటు. మొదటి శుక్రవారం ప్లంబర్ మామ పాట 'రు'తో ఆగింది. నాకు వచ్చినవి మూడే పాటలు. 'మి'తో ఒకటి, 'యు'తో ఒకటి, 'కా'తో ఒకటి. ఓడిపోయాను. టీ పెట్టి వచ్చి, "వచ్చేవారం నుంచి మీరు ఆడండి, నేను రాస్తాను," అన్నాను. గదిలో కూడా నా నోరు మూతపడే రోజు అదే అయ్యేది.

బాబాయ్ నా మొహం వైపు చూడకుండా మైకును జేబురుమాలుతో తుడుస్తూ అన్నారు: "రాసుకో అబ్బాయ్, ఎవరొద్దన్నారు? రాస్తూనే నా పక్కన కూర్చో. నా తర్వాత నువ్వు."

కూర్చున్నాను. పాడాను. మూడేళ్లపాటు ప్రతి శుక్రవారం ఆ మూడు పాటలే పాడాను, నాలుగోది నేర్చుకునే ధైర్యం చేయలేదు. ఎవరు ఏ పాట పాడారో, అది ఏ అక్షరంతో ఆగిందో, ఎవరు ఓడారో అన్నీ రాశాను. ఎక్కువసార్లు ఓడింది బాబాయే. వందల పాటలు వచ్చిన మనిషి తీరా ఆట రంజుగా ఉన్నప్పుడు 'న్' మీద పడేవారు. "వయసైపాయ బాబాయ్‌కి, మల్లా పన్నాడు సూడు!" అని మామ చప్పట్లు కొట్టేవాడు. "ఏం చేస్తాం రా, మర్చిపోయాను," అని ఆయన వంటింట్లోకి వెళ్లి, టీ మరిగేదాకా మిగిలిన చరణం పాడుకునేవారు.

ఒక మాట తరచు అనేవారు: "పాట పేరులో మొదటి అక్షరం నీది, చివరి అక్షరం పక్కవాడిది." ఆట నియమం చెబుతున్నారనుకునేవాణ్ని.

ఆరు నెలల క్రితం ఆయన ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, రద్దు చేయించుకుని ఇంటికి వెళ్లిపోయారు. మిషన్ మాకే వదిలారు. దాని మీద మేం దుప్పటి కప్పాం.

కబురు వచ్చిన రోజు ఆ పాత నోట్‌బుక్కులు తీశాను. ఆయన పాడిన పాటల పేర్లు ఒకసారి చదువుకుందామని. నా పేరుకు ముందున్న అక్షరం చూశాను. 'మి'. తర్వాత 'కా'. తర్వాత 'యు'. పేజీ తిప్పాను. 'కా', 'మి', 'యు'. అన్ని శుక్రవారాలూ అంతే. నా మూడు పాటలూ అయిపోయాక, నాలుగో చుట్టులో నాకు పాట లేనప్పుడు, 'న్'. మామ ముందే ఓడిన రోజులు తప్ప, ప్రతిసారీ నాలుగో చుట్టులోనే. నా వంతు రాకుండా ఆట అక్కడే ఆగిపోయేది, టీ ఆయన పెట్టేవారు.

పాటల పుస్తకం తెరిచాను. కొన్ని పేర్ల పక్కన పెన్సిల్ టిక్కులు ఉన్నాయి, ఆయనకు ఇష్టమైనవి అనుకునేవాణ్ని ఇన్నాళ్లూ. టిక్కున్న ప్రతి పాటా నా మూడు అక్షరాల్లో ఒకదానితో ఆగుతుంది. కొన్నిటికి ఇంటూ గుర్తు ఉంది. అవన్నీ 'న్'వి. పుస్తకం ఈ చివర నుంచి ఆ చివరకు, ఏ అక్షరం వచ్చినా దారి తప్పకుండా, ఆయన నాకోసం ఏరిపెట్టుకున్నారు. మూడేళ్లు పక్కన కూర్చుని, నా చేత్తో నేనే రాసి, నాకు తెలియలేదు.

మామకు ఈ సంగతి చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది. చప్పట్లు కొట్టినందుకు బాధపడొద్దు మామా, ఆయనకు ఆ చప్పట్లంటే ఇష్టం.

బాబాయ్ మంచం మీదకు ఈమధ్య ఒక ఏసీ మెకానిక్ వచ్చారు. యాభై ఏళ్ల మనిషి, నాకంటే తక్కువ మాట్లాడతారు. మిషన్ ఏమిటని అడిగితే చెప్పాను, ఒక పాట తెలుగులో రాసిచ్చాను. 'సా'తో మొదలయ్యేది. రెండు వారాలు డక్టుల్లో దూరి పాడుకున్నారట.

పోయిన శుక్రవారం దుప్పటి తీశాం. బాబాయ్ కూర్చునే చోట నేను కూర్చుని, "నా తర్వాత మీరు," అన్నాను. పుస్తకం చూసి 'సా'తో ఆగే పాట పెట్టాను. నేను నేర్చుకున్న నాలుగో పాట ఇది. ఆయన కళ్లు మూసుకుని, చెమటలు కక్కుతూ పాడేశారు. మామ తన పాట పాడాడు. మళ్లీ నా వంతు. పక్కకు చూశాను. కొత్తాయన కాళ్ల వేళ్లు ముడుచుకుని ఉన్నాయి. వచ్చిన పాట అయిపోయింది మరి. పుస్తకంలో మామ పాట ఆగిన అక్షరం పేజీ తీశాను. ఇంటూ గుర్తు ఉంది. సగం తెలిసీ సగం తెలియకా ఆ పాట పాడేశాను.

"'న్'! 'న్' మీద పన్నాడు!" మామ ఎగిరి గంతేశాడు. "లెక్కలన్నీ రాస్తాడంట, ఇది తెల్దంట! బాబాయ్ నీకే అంటించి పోయినాడు సూడు! పో, టీ పెట్టు!"

"ఏం చేస్తాం మామా, మర్చిపోయాను," అన్నాను.

వంటింట్లో పాలు పొంగకుండా మంట తగ్గించి, గదిలోకి తొంగి చూశాను. కొత్తాయన మైకు కింద పెట్టలేదు. చొక్కా అంచుతో దాన్ని మెల్లగా తుడుస్తున్నారు.